21 వేల ఫైళ్లు, 415 జీబీ: నాన్నగారికి ఏ మ్యూజిక్ ప్లేయర్ కొనాలి?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ)

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 74 ఏళ్లు. ఆయన దగ్గర 620 క్యాసెట్లు, 300 దాకా సీడీలు, ఒకప్పుడు బీసెంట్ రోడ్డులో కొన్న ఎంపీత్రీ డిస్కులు ఓ 80 ఉన్నాయి. క్యాసెట్లలో సగానికి పైగా ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి పట్టినవే. రేడియో ముందు టేప్‌రికార్డర్ పెట్టి భక్తిరంజని, కచేరీలు, నాటక పద్యాలు ఎక్కించుకునేవారు. బాలమురళీకృష్ణ గారు పాడుతున్నారంటే మా అమ్మ మిక్సీ వేయడానికి వీల్లేదు.

మా అన్నయ్య, నేను రెండేళ్లు కూర్చుని అవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాం. క్యాసెట్లు, సీడీలు ఫ్లాక్‌లో (నాణ్యత పోకుండా సైజు తగ్గించే ఫైలు రకం) ఉన్నాయి. డిస్కుల్లోవి ఎంపీత్రీలే. మొత్తం 21 వేల పైచిలుకు ఫైళ్లు, 415 జీబీ.

ఇప్పుడు ఇవన్నీ ఆయన చేతికి అందేలా చేయాలి. ఆయన ఫోన్లో కార్డు పెట్టే చోటూ లేదు, ఇయర్‌ఫోన్ జాకూ లేదు. మధ్యలో ఫోన్ మోగితే పాట ఆగిపోయి, మళ్లీ ఎక్కడ ఆగిందో దొరకదు. అందుకని ఆన్‌లైన్లో ఒక చిన్న ప్లేయర్ తెప్పించాం. పెట్టె మీద 2 టీబీ కార్డు దాకా పనిచేస్తుందని రాసి ఉంది. 512 జీబీ కార్డు వేస్తే ముప్పావు గంట గిరగిరా తిరిగి, సగం పాటలు కూడా చూపించలేదు. తెలుగు పేర్లున్న చోట డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తున్నాయి. తిప్పి పంపేశాం. బడ్జెట్ 20 వేల లోపు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

జవాబు (పటమట)

అక్కా, పెద్దవాళ్లకైతే సరిగమ వాళ్ల కారవాన్ కొనండి, పాత పాటలు ముందే వేసి ఉన్న రేడియోలాంటి పెట్టె. మా తాతయ్యకి అదే ఇచ్చాం, బటన్ నొక్కితే పాట వస్తుంది. లేదంటే పాత ఐపాడ్ క్లాసిక్ 160 జీబీది వెతకండి. అందులో 40,000 పాటలు పడతాయి.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు)

అమ్మా, ముందు మీరు తిప్పి పంపిన ప్లేయర్ సంగతి చెప్తాను. అందులో ఏమైందో తెలిస్తే మళ్లీ అలాంటిదే కొనకుండా ఉంటారు.

మీ కార్డులో తప్పేమీ లేకపోవచ్చు. కార్డు వేయగానే ప్లేయర్ ప్రతి ఫైలునీ తెరిచి, పాట పేరు, పాడినవారు, ఆల్బమ్ చదివి లోపల ఒక జాబితా రాసుకుంటుంది. ఆ జాబితాకి దాని మెమరీలో కొంత చోటే ఉంటుంది. చిన్న ప్లేయర్లలో అది కొన్ని వేల పాటలకే నిండిపోతుంది. ఆ తర్వాతవి కార్డులో భద్రంగానే ఉంటాయి గానీ జాబితాకెక్కవు. 2 టీబీ అన్న మాట కార్డు గురించి. ఎన్ని పాటలు గుర్తుపెట్టుకుంటుందో పెట్టె మీద రాయరు. మీలాగా 21 వేల ఫైళ్లున్నవాళ్లు జీబీల కంటే ముందు అడగాల్సింది ఈ లెక్క.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, జాబితా జోలికే పోకుండా ఫోల్డర్లు తెరిచి పాడించుకోవడం. ఫోల్డర్‌లోకి వెళ్తే అప్పటికప్పుడు కార్డులో ఉన్నది చూపిస్తుంది కాబట్టి ఆ పరిమితి అడ్డు రాదు. రెండోది, ఆండ్రాయిడ్ మీద నడిచే ప్లేయర్ తీసుకోవడం. వీటిలో మెమరీ ఎక్కువ, పైగా మనకి కావలసిన ఆప్ వేసుకోవచ్చు. తెలుగు కూడా మన ఫోన్లో కనిపించినట్టే ఒత్తులతో, గుణింతాలతో సరిగ్గా కనిపిస్తుంది. చౌక ప్లేయర్లలో తెలుగు ఫాంట్ ఉండదు, ఉన్నా ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. మీ నాన్నగారు చదవాల్సింది తెలుగే అయితే ఆండ్రాయిడే తీసుకోమంటాను.

ఐపాడ్ క్లాసిక్ మీద నాకూ మమకారమే. కానీ అది 2014లో ఆగిపోయింది. ఇప్పుడు దొరికే వాటి బ్యాటరీ వయసు పదేళ్లు దాటింది, లోపల తిరిగే హార్డ్ డిస్కుంటుంది. ఆ 40,000 లెక్క కూడా నాలుగు నిమిషాల పాటకి 128 కేబీపీఎస్ (సెకనుకి 128 కిలోబిట్లు) చొప్పున వేసింది. పాటకి 4 ఎంబీ అన్నమాట. మీ ఫ్లాక్‌లు దానికి అయిదారింతలుంటాయి. ఫ్లాక్‌ని అది మామూలుగా పాడదు, రాక్‌బాక్స్ అనే వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవాలి. పెద్దాయన చేతికిచ్చే వస్తువుకి ఇంత తతంగం వద్దు. కారవాన్ మంచిదే, దాన్ని కొనేది అందులో వాళ్లు వేసిన పాటల కోసం. ఇక్కడ సమస్య మీ సొంత పాటలు.

పేర్లు చెప్పమంటే, ఫియో జేఎం21 చూడండి. ఆండ్రాయిడ్ 13, మైక్రోఎస్‌డీ కార్డు చోటు, మామూలు 3.5 ఎంఎం ఇయర్‌ఫోన్ జాక్, పక్కన బటన్లు ఉన్నాయి. ఇంకొంచెం పెట్టగలిగితే సోనీ ఎన్‌డబ్ల్యూ-ఏ306. చిన్నది, తెర 3.6 అంగుళాలు, పక్కనే పాట మార్చే బటన్లు, అవి పొరపాటున నొక్కుకోకుండా హోల్డ్ మీట ఉన్నాయి. జేబులో పెట్టుకుని తెర చూడకుండా వేలితో తడిమి పాట మార్చుకోవచ్చు. వయసు మీద పడ్డాక వేళ్లు పొడిబారి తెర మీద నొక్కినా ఒక్కోసారి పలకదు. నాకు 66 దాటాయి కాబట్టి చెప్తున్నాను, ఆ బటన్లు చాలా అవసరం.

ఆప్ విషయానికొస్తే మ్యూజికొలెట్ వేయండి. అది మన దేశంలోనే తయారైంది, నెట్ అక్కర్లేదు, ఫోల్డర్ల వారీగా చక్కగా చూపిస్తుంది.

జవాబు (గవర్నర్‌పేట, విజయవాడ)

ప్లేయర్ సంగతి పెద్దాయన చెప్పారు. నేను కార్డు గురించి చెప్తా, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. రెండేళ్ల కిందట 512 అని రాసున్న కార్డు తక్కువకి వస్తుంటే తీసుకున్నా. కాపీ అంతా బ్రహ్మాండంగా అయింది, పేర్లన్నీ కనిపించాయి. వింటుంటే మొదట్లో వేసిన ఆల్బమ్‌లు పాడి, ఆ తర్వాతవి ఒక్కటీ పలకలేదు. లోపల నిజంగా ఉన్న చోటు 32 జీబీయే. నిండాక కూడా రాస్తున్నట్టు నటిస్తుంది, తప్పు చూపించదు.

కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో పరీక్షించండి. కార్డు మొత్తం నింపి తిరిగి చదివి చూస్తుంది. 512కి రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకి అవుతుంది. పాటలు వేయకముందే చేయాలి. బిల్లు, ప్యాకెట్ దాచుకోండి.

ఇంకోటి, 512 కార్డు కంప్యూటర్లో దాదాపు 477 అని కనిపిస్తుంది. అది మోసం కాదు, లెక్కపెట్టే పద్ధతి తేడా. మీ 415 పడుతుంది గానీ పెరగడానికి పెద్దగా చోటు మిగలదు.

అడిగినవారు

చాలా ధన్యవాదాలండీ. బ్రాడీపేట బాబాయ్ గారూ, మరో రెండు సందేహాలు. ఈ సైజు తగ్గించాలంటే ఫ్లాక్‌లన్నీ ఎంపీత్రీ చేసేయాలా? నాణ్యత పోతుందని అన్నయ్య ఒప్పుకోవట్లేదు. రెండోది, ఫోల్డర్లు ఎలా పెట్టాలి? ఇప్పుడు కొన్ని పాడినవారి పేరు మీద, కొన్ని తారీఖు మీద, కొన్ని ‘న్యూ ఫోల్డర్ 3’ అని ఉన్నాయి.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు)

అన్నయ్య మాట సగం నిజం. అసలు కాపీని ఫ్లాక్‌గానే ఉంచండి, హార్డ్ డిస్కులో. ప్లేయర్‌లోకి వెళ్లే కాపీ వేరు.

లెక్క ఇది. సీడీ నాణ్యతకి నిమిషానికి పదిన్నర ఎంబీ. ఫ్లాక్ చేస్తే సుమారు సగానికి వస్తుంది, 320 కేబీపీఎస్ ఎంపీత్రీకి నిమిషానికి 2.4 ఎంబీ. క్యాసెట్ నుంచి తీసినవి మాత్రం ఫ్లాక్‌లో అనుకున్నంత తగ్గవు, ఎందుకంటే వెనకాల ఉండే ఆ బుస శబ్దాన్ని కుదించడం కష్టం.

మీవి రేడియో ముందు మైకుతో పట్టినవి అన్నారు. ఒక్క మైకుతో పట్టినదైతే అది మోనోయే, అంటే ఒకే శబ్దం. మీరు ఎక్కించిన క్యాసెట్ డెక్ స్టీరియోది కాబట్టి అదే పాట రెండు వైపులా (ఎడమ, కుడి స్పీకర్లకి), కానీ వేర్వేరు బుసతో వచ్చి ఉంటుంది. రెండు వైపుల్నీ కలిపి ఒకటి చేయండి, సైజు దాదాపు సగమవుతుంది. బుస కూడా కొంచెం తగ్గుతుంది, పాట కలుస్తుంది గానీ రెండు బుసలూ ఒకదానితో ఒకటి కలవవు గనక.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. డెక్‌లో టేపుని చదివే హెడ్ కాస్త వంకరగా ఉండి ఉంటే ఒక వైపు శబ్దం వెంట్రుకవాసి వెనకబడి వస్తుంది. కలిపాక ‘స’, ‘శ’ మొద్దుబారి గొంతు దుప్పట్లోంచి వచ్చినట్టుంటుంది. నాలుగు క్యాసెట్లు కలిపి వినండి. అలా అనిపిస్తే కలపకుండా, బాగున్న వైపొకటే ఉంచుకోండి. నేను మా పెద్దన్నయ్య పాడిన పద్యాలు ఈ సంగతి తెలియక కలిపేసి, అసలువి తుడిచేశాను. ఆ క్యాసెట్లు ఇప్పుడు లేవు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

సీడీల్లో ఆగకుండా సాగే కచేరీలుంటే వాటిని ప్లేయర్‌లో కూడా ఫ్లాక్‌గానే ఉంచండి. రాగం ఒక ట్రాకు, తానం ఒక ట్రాకుగా విడిపోయినప్పుడు ఎంపీత్రీలో మధ్యన చిన్న ఖాళీ పడే అవకాశముంది. ఫ్లాక్‌లో ఆ ఖాళీ చేరదు.

ఫోల్డర్ల గురించి నేను చెప్పే ముందు ఒకటి చెప్పమ్మా. మీ నాన్నగారు క్యాసెట్లని ఎలా వెతుక్కునేవారు?

అడిగినవారు

పుస్తకం ఉంది బాబాయ్ గారూ. గీతల నోటుబుక్కులో ప్రతి క్యాసెట్‌కీ ఒక నంబరు, ఏ వైపు, బి వైపు ఏముందో ఎర్ర సిరాతో రాసుకున్నారు. ఇప్పటికీ ‘213 బి’ అని నోటికి చెప్తారు.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు)

అయితే ఇంకేం ఆలోచించకండి. ఆ నంబర్లే ఫోల్డర్ పేర్లు. ‘213’ ఫోల్డర్, లోపల ‘ఏ’, ‘బి’. సీడీలకి, డిస్కులకి అదే పుస్తకంలో కొనసాగింపు నంబర్లు వేయండి. పాడినవారి పేరు, రాగం ట్యాగుల్లో (ఫైలు లోపలే ఉండే వివరాలు) రాసుకోవచ్చు, ఎంపీత్రీట్యాగ్ అనే ఉచిత ప్రోగ్రాము చాలు. నెలకో యాభై చొప్పున తీరిగ్గా చేసుకోండి. ఆయనకి తెలిసిన దారిని మనం మార్చకూడదు.

జవాబు (సింగ్‌నగర్, విజయవాడ)

సంబంధం లేదనుకోకండి, ఇదొక్కటి చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి. కింద అరలో ఉన్న క్యాసెట్లూ, పక్కనే ఉన్న హార్డ్ డిస్కూ రెండూ బురదలో తేలాయి. కాపీ ఉందనుకున్నాం, కానీ రెండూ ఒకే గదిలో పెట్టుకున్నాం. మీ రెండో హార్డ్ డిస్కు ఇంకో ఇంట్లో, వీలైతే ఇంకో ఊళ్లో పెట్టండి. ప్లేయర్ కార్డుని కాపీగా లెక్కలో వేసుకోకండి.

జవాబు (లక్ష్మీపురం, గుంటూరు)

కొత్తది కొనేముందు ఇంట్లో కార్డు స్లాటు, జాక్ ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉందేమో చూడండి. సిమ్ తీసేసి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, అదే మ్యూజికొలెట్ వేస్తే పైసా ఖర్చు లేకుండా నెల రోజులు వాడి చూడొచ్చు. ఆ ఫోన్ అంత పెద్ద కార్డు తీసుకుంటుందో లేదో ముందు చూసుకోండి. మా అత్తగారికి అలాగే ఇచ్చాం, ఇంకేం కొనాల్సిన పని రాలేదు. బ్యాటరీ ఉబ్బినట్టుంటే మాత్రం వాడొద్దు, మన ఎండలకి అసలే మంచిది కాదు.

అడిగినవారు (మూడు వారాల తర్వాత)

అందరికీ పేరుపేరునా చెప్పలేకపోతున్నా. పాత ఫోన్ చూశాం, బ్యాటరీ వెనక మూత పైకి లేచి ఉంది. జేఎం21 తీసుకున్నాం. కార్డు రాత్రంతా పరీక్ష పెట్టాం, తప్పుల్లేవు. రేడియోవి మోనో చేశాం. మీరు చెప్పినట్టే ముందు నాలుగు కలిపి వింటే రెండింట్లో ‘శ’ మొద్దుబారింది. ఆ డెక్‌లో ఎక్కించిన వరసంతా ఒక వైపే ఉంచాం. అన్నీ కలిపి 415 కాస్తా 320కి దిగింది. అసలువన్నీ రెండు డిస్కుల్లో ఉన్నాయి, ఒకటి ఏలూరులో అన్నయ్య ఇంట్లో.

నాన్నగారు నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని, వేలు ఎర్ర సిరా మీద, కళ్లు తెర మీద పెట్టి ‘213’ దాకా వెళ్లారు. పాట మధ్యలో కుక్కర్ కూత వినపడింది, ఎప్పుడో మా వంటింట్లోది. అది తీసేయమంటారేమోనని అడిగితే, వద్దన్నారు.

ఒక్కటే ఇబ్బంది. ఫోల్డర్లలో 1 తర్వాత 10, 100 వస్తున్నాయి, ఆ తర్వాత 2. ఆయన గాభరా పడుతున్నారు.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు)

అన్నిటికీ నాలుగు అంకెలు చేయండమ్మా. 0001, 0002, 0213. ఫైళ్లకి 01, 02 చాలు. పేర్లు కంప్యూటర్లో మార్చి, పాత ఫోల్డర్లు కార్డులోంచి తీసేసి మళ్లీ కాపీ చేయండి. మీ పుస్తకంలో నంబర్లు వెయ్యి దాకా వెళ్తాయిగా, ఇప్పుడే నాలుగు అంకెలు పెట్టేస్తే మళ్లీ మార్చే పని ఉండదు.