ఇంటి పనులు ఎవరికి, ఎలా అప్పగించారు? మీ అనుభవాలు రాయండి

వేదాయపాళెం అక్క:
మాది నెల్లూరు. అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, ఎనిమిది చదివే బాబు, నాలుగు చదివే పాప. నాకు ఆఫీసు పదింటికి. బోకులు తోమి, ఇల్లు చిమ్మి తుడవడానికి ఒకామె వస్తుంది. మిగతాదంతా నేనే చూసుకుంటాను. పోయిన నెల జ్వరమొచ్చి నాలుగు రోజులు లేవలేకపోయాను. అందరూ తలో చెయ్యి వేశారు, కాదనను. కానీ "పాలు తోడేశారా, పాప డైరీలో సంతకం పెట్టారా, ఇడ్లీకి పప్పు నానబోశారా" అని మంచం మీద నుంచి అడుగుతూనే ఉన్నాను. మావారు అనేది ఒకటే మాట, "ఏం చేయాలో చెప్పు, చేస్తాను." ఆ చెప్పడమే నాకు పెద్ద పనైపోయింది. మీ ఇళ్లల్లో ఎట్టా కుదిరిందో చెప్పండి.

ఒంగోలు టీచర్:
నేను చేసిన తప్పు చెప్తాను. బట్టలు మడతపెట్టమని మావారికి అప్పగించి, ఆయన పెట్టినవి నాకు నచ్చక మళ్లీ విప్పి నేనే పెట్టేదాన్ని. రెండు వారాలు చూసి ఆయన మానేశారు. ఎవరైనా మానేస్తారు. తర్వాత కూర్చుని మాట్లాడుకున్నాం. ఇప్పుడు బట్టల పని మొదటి నుంచి చివరి దాకా ఆయనదే. మిషన్లో వేయడం, ఆరేయడం, మడతలు, ఇస్త్రీ బండి దగ్గర ఇచ్చి తేవడం, సర్ఫ్ అయిపోతే తెచ్చుకోవడం కూడా. ఒక సోమవారం మావాడి యూనిఫాం ఇస్త్రీ కాలేదు. నలిగిన చొక్కాతోనే బడికి పోయాడు. నేను ఇస్త్రీ పెట్టె ముట్టలేదు గానీ, ఆ పొద్దు గడవడం ఎంత కష్టమైందో నాకే తెలుసు. మళ్లీ అట్లా జరగలేదు. ఆదివారం సాయంత్రమే ఆయన బండి దగ్గరికి పోతున్నారు.

అల్లూరు అమ్మాయి:
కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే చూశారా? జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు సగటున రోజుకు 289 నిమిషాలు దానికే పెడుతున్నారట. ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు. 2019లో ఇవే 299, 97. అంటే మనకు తగ్గింది పది నిమిషాలు, వాళ్లకూ తొమ్మిది తగ్గాయి. రాత్రి పడుకుని రేపటి క్యారేజీలోకి ఏం కూర అని ఆలోచించే టైమ్ ఎవరు లెక్కేస్తారు? అక్క చెప్పే బరువు అదే.

కావలి కొట్టు:
నేనూ "చెప్పు, చేస్తా" అనేవాణ్ణే కాబట్టి రాస్తున్నాను. ఆదివారం చేపలు నా పని అని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. తెచ్చి సింకులో పెట్టడంతో నా పని అయిపోయిందనుకున్నాను. మా ఆవిడకు ఆపరేషన్ అయినప్పుడు మొత్తం నా మీద పడింది. మార్కెట్లోనే పొలుసు తీయించి ముక్కలు కోయించుకోవాలి. ఇంటికొచ్చాక కల్లుప్పు, పసుపు వేసి నీచు పోయేదాకా కడగాలి. చింతపండు ముందే నానేయాలి. మొదటిసారి పులుసులో గరిటె పెట్టి కలిపేశాను, ముక్కలన్నీ చెదిరిపోయాయి. ఆవిడ ఒక్క మాట అనకుండా తినింది. గరిటె పెట్టకూడదు, గిన్నె పట్టుకుని తిప్పాలని మా అమ్మ తర్వాత చెప్పింది. ఆరోజు ఆవిడ తప్పుపట్టి ఉంటే నేను మళ్లీ పొయ్యి దగ్గరికి పోయేవాణ్ణి కాదు. ఇప్పుడు ఆదివారం మామిడికాయ కోసే దగ్గర నుంచి నీచు గిన్నెలు తోమేదాకా నేనే.

కనిగిరి:
మా వైపు ఫ్లోరైడ్ నీళ్లు, తాగేవి క్యాన్లలో కొనాల్సిందే. ఆ లెక్క మా పెద్దబ్బాయికి ఇచ్చాం, వాడికి పన్నెండేళ్లు. క్యాన్ సగమైతే ఫోన్ చేయడం, ఖాళీవి బయట పెట్టడం, డబ్బులు రాసుకోవడం. రెండుసార్లు మర్చిపోయాడు. పక్కింట్లో బిందె నీళ్లు అడిగి తెచ్చింది కూడా వాడే.

సింగరాయకొండ:
పనికి వచ్చే వాళ్ల గురించి ఎవరూ రాయలేదు. మా అమ్మ చాలా ఏళ్లు ఒంగోల్లో నాలుగిళ్లలో చేసింది. ఆమె ఇంటికొచ్చి బాధపడింది పని ఎక్కువని కాదు. బోకులకు, చిమ్మడానికి అని మాట్లాడుకుని, నెల తిరిగేసరికి "కాస్త ఈ బట్టలు కూడా, కాస్త ఈ మెట్లు కూడా" అనేవాళ్లు. చుట్టాలొస్తే బోకులు రెండింతలు, ఇచ్చేది మాత్రం అంతే. ఒక ఇంట్లో అత్త ఒకటి చెప్తే కోడలు ఇంకొకటి చెప్పేది. అమ్మ చివరిదాకా వదలనిది ఒకే ఇల్లు. ఏయే పనులో వాళ్లు ముందే చెప్పారు, నెలకు రెండు సెలవులు అడక్కుండానే ఇచ్చారు, కొత్త పని వస్తే దానికెంతో అడిగి మాట్లాడుకున్నారు. ఇంట్లో వాళ్లకు పని పంచే ముందు, ఇప్పటికే చేసే మనిషికి ఎంత ఇస్తున్నామో కూడా చూడండి అక్కా.

వేదాయపాళెం అక్క:
సింగరాయకొండ చెల్లీ, నువ్వు రాసింది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. డాబా మెట్లు మా ఇంట్లో కూడా అట్లానే చేరాయి. ఒకటో తారీఖు నుంచి వాటికి విడిగా ఇస్తానని ఆమెతో చెప్పాను. మావారితో కూడా మాట్లాడాను. గ్యాస్ బుక్ చేసేది ఆయనే అయినా నంబరు నాది కావడంతో, సిలిండర్ అబ్బాయి ఓటీపీ కోసం ఆఫీసులో ఉన్న నాకు ఫోన్ చేసేవాడు. నిన్న ఏజెన్సీకి పోయి ఆయన నంబరుకు మార్పించాం. పిల్లల డైరీలు మామయ్య చూస్తానన్నారు, కళ్లద్దాలు కూడా డైనింగ్ టేబుల్ మీదికి తెచ్చి పెట్టుకున్నారు. ఇడ్లీ పప్పు మాత్రం ఎవరూ తీసుకోలేదు. ఈ శనివారం నేను గుర్తు చేయను. ఆదివారం ఏం తిన్నామో వచ్చి రాస్తాను.