వికీసోర్సులో పసుపు పుటలు ఆకుపచ్చగా మారడం లేదు

తిరుపతి సభ్యురాలు: నమస్కారం. మా కళాశాల విద్యార్థులు ఒక పాత శతకాన్ని వికీసోర్సులో (పాత పుస్తకాలను అందరూ కలిసి టైపుచేసి ఉచితంగా ఉంచే వెబ్‌సైటులో) అచ్చుదిద్ది, ఒకసారి దిద్దడం పూర్తయిందని తెలిపే పసుపు గుర్తు పుటలకు పెట్టారు. నిన్న మధ్యాహ్నం నుంచి స్కాన్ బొమ్మతో పోల్చి ప్రతి పద్యాన్నీ మళ్లీ సరిచూశాను. అయినా సవరణ పెట్టె కింద ఎరుపు, పసుపు వంటి గుండ్రాలే తప్ప ఆమోదానికి నొక్కవలసిన ఆకుపచ్చ గుండ్రం కనిపించడం లేదు. బ్రౌజరు మార్చినా ఫలితం లేదు. దయచేసి ఎవరైనా దారి చూపండి.

చిత్తూరు సభ్యుడు: లాగినయ్యారా?

తిరుపతి సభ్యురాలు: అయ్యానండీ. లేకపోతే ఏ రంగూ కనిపించదు కదా.

శ్రీకాళహస్తి సభ్యుడు: రంగు సంగతి తరువాత, ముందు పాఠం చూడండమ్మా. మీ పుట ఒకటి తెరిచాను. మూలంలో 'వాఁడు' అని ఉన్నచోట 'వాడు' అనీ, 'కఱవు' ఉన్నచోట 'కరవు' అనీ ఉంది. ప్రాసలో ర, ఱలను కలపకూడదన్న నియమాన్ని పాటించిన కవి పద్యంలో బండి ఱను తీసివేస్తే, ఆయన పాటించిన నియమం పాఠకుడికి కనిపించకుండా పోతుంది. దీన్ని పరిష్కరణ (ప్రతులు చూసి సరైన పాఠాన్ని నిర్ణయించడం) అనరు.

చిత్తూరు సభ్యుడు: వారు చేస్తున్నది పరిష్కరణ కాదు, అచ్చుదిద్దడం.

శ్రీకాళహస్తి సభ్యుడు: అచ్చుదిద్దడమైతే మూలంలో ఉన్నది ఉన్నట్టే దించాలి. నేను చెప్పేదీ అదే.

పలమనేరు సభ్యురాలు: ఆ పుటలను పసుపుకు మార్చింది ఏ ఖాతా?

తిరుపతి సభ్యురాలు: కళాశాల పేరిట ఒకే ఖాతా ఉంది. విద్యార్థులూ నేనూ దానితోనే పనిచేస్తున్నాం.

పలమనేరు సభ్యురాలు: కారణం అదేనండీ. పుటను పసుపు చేసిన ఖాతాకు ఆకుపచ్చ గుండ్రం చూపదు. రెండో మనిషి కళ్లతో చూసిన తరువాతే పుట ఆమోదం పొందాలన్నది అక్కడి ఏర్పాటు. ఎవరి ఖాతా వారికి ఉండాలి. పైగా చరిత్ర ట్యాబులో ఎవరి దిద్దుబాటు వారి పేరిట నిలుస్తుంది, తప్పు దొర్లితే ఆ ఒక్క మార్పునే రద్దు చేయవచ్చు. ఒకే మనిషి రెండు ఖాతాలతో తన పనిని తానే ఆమోదించుకోవడం మాత్రం తగదు.

తిరుపతి సభ్యురాలు: పిల్లలు ఎంతో శ్రమపడ్డారు. ఇప్పటివరకు చేసిన పనిని ఒక్కొక్కరి పేరిట విడదీయలేమా?

పలమనేరు సభ్యురాలు: లేదండీ, అది కళాశాల ఖాతా కిందే ఉంటుంది. మరొకటి, ఒకే ఇంటర్నెట్ చిరునామా నుంచి రోజుకు 6 ఖాతాలకు మించి తెరవనివ్వదు. అందరినీ ల్యాబులో కూర్చోబెట్టకుండా ఇంటి దగ్గరే తెరుచుకోమనండి.

శ్రీకాళహస్తి సభ్యుడు: అరసున్నలు తిరిగి చేర్చేదాకా ఏ పుటనూ ఆమోదించకండి.

తిరుపతి సభ్యురాలు: సరేనండీ, కృతజ్ఞతలు. విద్యార్థులకు ఈ రాత్రే చెబుతాను.