టేప్ ఎక్స్‌టెన్షన్లు ఇంట్లోనే తీసి, మళ్ళీ పెట్టుకోవచ్చా? పార్లర్ ఖర్చు తట్టుకోలేకపోతున్నా

నిజాంపేట గృహిణి:

అందరికీ నమస్కారం. బాబు పుట్టాక నాకు జుట్టు బాగా ఊడిపోయింది. తమ్ముడి పెళ్ళి ఫొటోల్లో బాగుండాలని పార్లర్‌లో టేప్ ఎక్స్‌టెన్షన్లు పెట్టించుకున్నాను, అంటే పట్టీలుగా వచ్చే విడి జుట్టుని జిగురు టేపుతో మన జుట్టుకి అంటిస్తారు. 20 అంగుళాలవి, మనిషి జుట్టే అన్నారు. సెట్టు 24,000 అయింది. ఒక్కసారి ఖర్చే కదా అని మనసు రాయి చేసుకుని ఇచ్చేశా. ఇప్పుడేమో రెండు నెలలకోసారి తీసి పైకి జరిపి పెట్టాలంట, దానికి 6,500. మధ్యలో స్పా అని ఇంకో 2,000. మా ఆయన నోరు తెరిచి ఏమీ అనలేదు గానీ, బిల్లు చూసి ఒకసారి నా మొహం, ఒకసారి నా జడ చూశారు.

మాది బోరు నీళ్ళు. చివర్లన్నీ చీపురులా తయారయ్యాయి. చెవుల వెనక దువ్వెన దిగట్లేదు. ఆదివారం వచ్చిందంటే అత్తయ్య నూనె పెట్టించుకోమంటారు, పార్లర్ వాళ్ళు నూనె చుక్క తగలకూడదంటారు. తీయడం, పెట్టడం ఇంట్లో అవుతుందా? ఈ చివర్లు మళ్ళీ మెత్తబడతాయా? కణతల దగ్గర లాగినట్టు ఉంటోంది, అది మామూలేనా? ఎవరైనా చేసుకున్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

దిల్‌సుఖ్‌నగర్ పిల్ల:

కొబ్బరి నూనె దట్టించి గంట ఆగండి అక్కా, అవే జారిపోతాయి. నేను అలాగే తీసేశా. మళ్ళీ పెడదామంటే మాత్రం ఒక్కటీ అంటుకోలేదు, డబ్బాలో పడున్నాయి 😄

రాజమండ్రి జడలక్క:

పెళ్ళికూతుళ్ళకి జడలు వెయ్యడం నా పని. సవరాలు, క్లిప్పులవి, టేపులవి అన్నీ నా చేతుల మీదుగానే వెళ్తుంటాయి. కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదువమ్మా.

ముందు ఆ పిల్ల సంగతి. నూనెతో టేపు జారే మాట నిజమే, కానీ నూనె తాగిన పట్టీకి కొత్త టేపు అంటదు. అవి డబ్బాలో పడుండటానికి కారణం అదే.

నువ్వు తీసి పెట్టే ఖర్చు గురించి అడిగావు. నా లెక్కలో నీకు అసలు నష్టం అక్కడ లేదు. మంచి జుట్టయితే అదే సెట్టుని మూడు నాలుగు సార్లు మార్చి పెట్టుకోవాలి. నీది అప్పుడే ఇలా అయిందంటే డబ్బు పోతున్నది మీ బాత్రూములో, మీ దిండు మీద.

నీ సొంత జుట్టుకి నెత్తి మీంచి కాస్తో కూస్తో జిడ్డు దిగుతుంది. కోసి తెచ్చిన జుట్టుకి అది అందదు, ఎండిపోతుంది. దానికి తోడు రకం ఒకటుంది. వెంట్రుక మీద కంటికి కనపడని పొలుసులుంటాయి, కుదురు నుంచి చివరి వైపుకి వాలి. తిరుమల కల్యాణకట్టలో మొక్కు తీర్చుకున్నవాళ్ళ పొడుగు జుట్టుకి దేవస్థానం వేలంలో అంత ధర ఎందుకు పలుకుతుందనుకున్నావు? పొడవు ఒక్కటే కాదు, ఒక తల జుట్టు ఒక కట్టగా వస్తుంది, కుదుళ్ళన్నీ ఒకవైపే ఉంటాయి. వీధుల్లో స్టీలు గిన్నెలకి కొనే చిక్కుజుట్టులో తలా తోకా కలిసిపోతాయి. పొలుసులు ఒకదానికొకటి పట్టుకుని చిక్కుపడకుండా వాటిని యాసిడ్‌లో కరిగించి, పైన సిలికాన్ పూత వేస్తారు. కొత్తలో రెండూ ఒకేలా మెరుస్తాయి. కొన్ని తలంట్లకి పూత దిగాక అసలు రంగు బయటపడుతుంది. నీది ఏ రకమో చూడాలంటే ఒక్క వెంట్రుక తీసి వేళ్ళ మధ్య పై నుంచి కిందకి జార్చు, తర్వాత కింద నుంచి పైకి. కిందకి నున్నగా, పైకి గరగరగా తగిలితే పొలుసులు ఉన్నట్టు. ఒక వెంట్రుక కాల్చి కూడా చూడు. కాలిన జుట్టు వాసన వచ్చి నలిపితే పొడైపోతే మనిషిది. కరిగి గట్టి పూస కట్టిందంటే ప్లాస్టిక్, ఇక పార్లర్‌తో మాట్లాడుకోవాల్సిన విషయం వేరే ఉంటుంది.

తలంటు వారానికి ఒకటి, మహా అయితే రెండు. చిక్కు పొడిగా ఉన్నప్పుడే తీయాలి. ఒక చేత్తో టేపు కింద జుట్టుని గుప్పిట బిగించి పట్టుకో, రెండో చేత్తో పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెన తీసుకుని చివరి నాలుగు అంగుళాలు ముందు, తర్వాత కొంచెం పైకి, అలా రా. గుప్పిట వదిలావంటే ప్రతి లాగుడూ నీ కుదురు మీదే పడుతుంది. తల వంచి బకెట్ మీద రుద్దుకోవద్దు, నిలబడి నీళ్ళు పై నుంచి జారనివ్వు. షాంపూ సీసా వెనక సోడియం లారిల్ సల్ఫేట్ అనో, లారెత్ సల్ఫేట్ అనో ఉంటే పక్కన పెట్టెయ్. కుంకుడుకాయంటే నాకు ప్రాణమే, కానీ టేపుల తలకి వద్దు, ఆ పిప్పి టేపు అంచుల్లో ఇరుక్కుంటే ఒక పట్టాన రాదు. కండిషనర్ చెవుల కింద నుంచే.

బోరు నీళ్ళకి చెయ్యగలిగింది ఒకటుంది. ఆఖరి రెండు మూడు చెంబులు తాగే ఫిల్టరు నీళ్ళు పోసుకో. ఫిల్టరు పక్క పైపులోంచి వృథాగా పోయే నీళ్ళు పట్టి తలకి వాడేవాళ్ళున్నారు, అవి మాత్రం వద్దు. వాటిలో బోరు నీళ్ళకంటే ఎక్కువ ఉప్పు ఉంటుంది, ఇల్లు తుడవడానికి పనికొస్తాయి.

తర్వాత తువ్వాలుతో రుద్దకుండా అద్ది, డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి ముందు టేపుల దగ్గర ఆరబెట్టు. అక్కడ తడి నిలిస్తే దురద, వాసన, టేపు ఊడటం అన్నీ వస్తాయి. తడి జుట్టుతో పడుకోకు. రాత్రి వదులుగా ఒక జడ అల్లుకో. దిండుకి కాటన్ గలీబు తీసేసి పాత శాటిన్ లంగా గుడ్డ కుట్టించు. చెవుల వెనక నీకు పడే చిక్కు సగం ఆ దిండు వల్లే.

ఎండిపోయిన చివర్లు మళ్ళీ కొత్తవాటిలా అవ్వవు. అంగుళమో రెండో కత్తిరించెయ్. 18 అంగుళాల మంచి జుట్టు 20 అంగుళాల పీచు కంటే అందం.

ఇక తీయడం. టేపు జిగురు వదిలించే రిమూవర్ తెచ్చుకో. వెనక కింది వరస నుంచి మొదలుపెట్టాలి. పై జుట్టు క్లిప్పు పెట్టి ఎత్తేసి, రెండు పట్టీలు అతుక్కున్న సందులో చుక్కలు పడేలా వెయ్యాలి, రెండు నిమిషాలు ఆగాలి. మూల దగ్గర తోక దువ్వెన కొనతో మెల్లగా విప్పితే పట్టీ పుస్తకంలా తెరుచుకుంటుంది. రాకపోతే ఇంకో చుక్క, అంతేగానీ లాగొద్దు. తీసిన పట్టీల మీద పాత జిగురు గోకి, సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, ఆరాక కొత్త డబుల్ టేపు ముక్కలు అంటించొచ్చు. ఇంతవరకూ ఇంటి పనే, ఇంకో మనిషి సాయం ఉంటే చాలు.

తల మీద పెట్టడం మాత్రం వేరు. నీ జుట్టు పాయ వెలుతురు కనపడేంత పల్చగా తీసి, నెత్తికి అరసెంటీమీటరు ఎడంగా, రెండు పట్టీల మధ్య సరిగ్గా ఇరికించాలి. పాయ మందమైతే టేపుకి టేపు అంటుకోదు, మరీ దగ్గరగా పెడితే లాగుతుంది. నీ వెనక నువ్వు పెట్టుకోలేవు. పార్లర్‌కి శుభ్రం చేసి టేపు మార్చిన పట్టీలు తీసుకెళ్ళి, పెట్టేదానికే ఎంతో అడుగు. చాలామంది తగ్గిస్తారు, తగ్గించకపోతే ఇంకో పార్లర్. పెట్టాక 48 గంటలు తలకి నీళ్ళు తగలకూడదు.

కణతల లాగుడు మామూలు కాదమ్మా. అక్కడ చిన్న పొక్కులుంటే ఆ రెండు పట్టీలు ఇవాళే తీసెయ్. అలా లాగుతూ ఉంటే ఆ కుదుళ్ళు శాశ్వతంగా పోతాయి. పెళ్ళిళ్ళలో చూస్తుంటాను, నుదుటి పక్కన అరచెయ్యంత ఖాళీతో వచ్చేవాళ్ళని. తీశాక కూడా నొప్పి, పొక్కులు తగ్గకపోతే స్కిన్ డాక్టర్‌కి చూపించు.

డాలస్ తెలుగు అమ్మ:

జడలక్క చెప్పినవన్నీ అక్షరాలా నిజం. ఇక్కడ టేపులకి టిప్పుతో కలిపి అయ్యే ఖర్చుకి జడిసి నేను క్లిప్పులకి మారాను. మెషీన్ కుట్టు ఉన్న వెఫ్ట్ (ఒక అంచున దారంతో వరసగా కుట్టిన జుట్టు) కొని, తల వెడల్పుకి మడిచి, చిన్న క్లిప్పులు నేనే కుట్టుకున్నా. సూది జుట్టులోంచి పోకుండా కుట్టు దారం వరసలోంచే పోవాలి. వెఫ్ట్ కత్తిరించిన చోట ఊడిపోతుంది, అందుకే మడవడం మేలు. పార్టీకి పెట్టుకుంటా, ఇంటికి రాగానే తీసేస్తా. నెలకి ఒకసారి ఉతికితే ఎక్కువ.

నిజాంపేట గృహిణి:

జడలక్కా, మీకు ఎన్ని థాంక్సులు చెప్పినా తక్కువే. మీరు చెప్పాక కణత పక్క పట్టీ ఒకటి తీశాను. దాంతోపాటు నా జుట్టు ఇంత కుచ్చు వచ్చేసింది, గుండె ఆగినంత పనైంది. ఇది మామూలేనా? అత్తయ్య నూనె సంగతి కూడా చెప్పండి.

రాజమండ్రి జడలక్క:

ఆ కుచ్చు చూసి భయపడకు. మనకి రోజూ 50 నుంచి 100 వెంట్రుకలు ఎలాగూ రాలతాయి. టేపులో ఇరుక్కున్నవి రాలే దారి లేక రెండు నెలలుగా అక్కడే ఉండిపోయాయి. కొనల్లో చిన్న తెల్ల గడ్డ ఉంటే అవి రాలిన జుట్టే. మధ్యకి తెగి ఉంటే మాత్రం లాగినట్టు లెక్క, రిమూవర్ ఇంకొంచెం వెయ్యి.

నూనె విషయంలో అత్తగారిదీ తప్పు లేదు, పార్లర్ వాళ్ళదీ తప్పు లేదు. జడ కింది సగానికి రెండు చుక్కలు అరచేతిలో రుద్ది రాయించుకో, ఆవిడకీ తృప్తిగా ఉంటుంది. నెత్తి మీద మాత్రం పట్టీలు తీసేసిన వారం పెట్టించుకో. అప్పుడు కావాలంటే సాంబ్రాణి కూడా వేయించుకో.

ఇంకోటి. కాన్పు తర్వాత ఊడిన జుట్టు చాలామందికి బాబుకి ఏడాది వచ్చేసరికి తిరిగొస్తుంది. ఈ సెట్టు అయ్యాక మళ్ళీ 24,000 పెట్టే ముందు అద్దంలో పాపిట చూసుకో. డాలస్ ఆవిడలా క్లిప్పులకి మారతానంటే వాటి సామాను బేగంబజార్‌లో దొరుకుతుంది.

నిజాంపేట గృహిణి:

సరే అక్కా, ఆదివారం చెల్లెలు వస్తుంది, తనచేత మిగతావి తీయిస్తా. సర్జికల్ స్పిరిట్ మందుల షాపులో చీటీ లేకుండా ఇస్తారా?

రాజమండ్రి జడలక్క:

ఇస్తారు. చిన్న సీసా చాలు. కిటికీ తెరిచి కూర్చోండి, పొయ్యి దగ్గర, దీపం పెట్టిన గదిలో వద్దు, అది ఇట్టే అంటుకుంటుంది. బాబుని అత్తగారికి అప్పజెప్పి మొదలుపెట్టండి, రెండు గంటల పని.