తెనాలి నుంచి బస్సులో విశాఖ వస్తున్నాం, ఇద్దరమే: రెండు రోజులకు సలహా కావాలి

ప్రశ్న (తెనాలి)

అందరికీ నమస్కారం. మాకు పెళ్ళయి 24 ఏళ్ళు. పిల్లలు, కొట్టు, ఇంట్లో పెద్దవాళ్ళ మందులు, వీటితోనే సరిపోయింది. మేమిద్దరమే కలిసి ఏ ఊరూ చూసింది లేదు. ఇప్పుడు అమ్మాయి హాస్టల్లో చేరింది. మూడు రోజులు కొట్టు నేను చూసుకుంటానని మా తమ్ముడు అన్నాడు. సంక్రాంతి వెళ్ళాక విశాఖ రావాలనుకున్నాం. రైలు చూస్తే వెయిటింగ్ లిస్టు. అందుకని బస్సే గతి.

చిక్కల్లా మా ఆవిడకు బస్సు పడదు. బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌కు వెళ్ళడానికే దారిలో రెండుసార్లు ఆపించాల్సి వస్తుంది. పైగా మోకాళ్ళ నొప్పులు. రాత్రి బస్సు మంచిదా, పగటి బస్సా? ఎక్కడ దిగాలి, రూము ఎక్కడ తీసుకోవాలి? సబ్‌మెరైన్, కైలాసగిరి, సింహాచలం, భీమిలి, అరకు అన్నీ రెండు రోజుల్లో అవుతాయా? సూర్యలంకలో ఉత్త సముద్రమే, విశాఖలో కొండా సముద్రమూ ఒకేచోట ఉంటాయట, అది చూడాలని ఆవిడకు ఎప్పటినుంచో కోరిక. దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు (మద్దిలపాలెం, విశాఖ)

ముందు ఆ జాబితాలోంచి అరకు తీసేయండి సార్. విశాఖ నుంచి 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ మొదలవుతుంది, ఒక మలుపు తిరిగి కుదురుకునేలోపే ఇంకోటి. బస్సు పడని మనిషికి అది శిక్షే. పోనీ రైల్లో వెళ్దామంటే తెల్లారకముందే లేచి స్టేషన్‌కు పరుగెత్తాలి, రోజంతా దానికే పోతుంది. సొరంగాలు, బొర్రా గుహలు ఎక్కడికీ పోవు. దానికోసం వేరేగా ఒకసారి రండి. ఈ రెండు రోజులూ సముద్రానికే ఇవ్వండి.

బస్సు సంగతి. విజయవాడ నుంచి ఇక్కడికి 350 కిలోమీటర్లు, ఏడెనిమిది గంటలు పడుతుంది. నా మాట వింటే పొద్దున్నే బయల్దేరే బస్సు చూసుకోండి. రాత్రి బస్సయితే తెల్లవారుజామున దింపేస్తుంది. మధ్యాహ్నం 12 దాకా రూము ఇవ్వని చోటయితే నిద్రలేని కళ్ళతో సంచులు పట్టుకుని తిరగాలి. మోకాళ్ళ నొప్పులున్న ఆవిడకు అదొక బాధ. పొద్దున్న ఎక్కితే సాయంత్రానికి స్నానం చేసి బీచ్‌లో కూర్చోవచ్చు.

సీటు మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. వెనక చక్రం మీదా, దాని వెనకా ఉన్న సీట్లలోనే కుదుపు ఎక్కువ. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్యలో పడే సీట్లు, అంటే 3 నుంచి 5వ వరుస దాకా, కాస్త నిలకడగా ఉంటాయి. వాంతి ఎందుకొస్తుందంటే, ఊగుతున్నామని చెవి లోపలి భాగం చెబుతుంది, ఎదురు సీటు చూస్తున్న కన్నేమో అంతా నిలకడగా ఉందంటుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరదు. అందుకే కిటికీ పక్కన కూర్చుని దూరంగా రోడ్డు మీదికి చూడాలి, లేదా కళ్ళు మూసుకోవాలి. ఫోన్ చూడనే కూడదు.

టికెట్ గురించి ఒక మాట. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్రం ఆడవాళ్ళకు పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. అలాగని విజయవాడ నుంచి ఎక్స్‌ప్రెస్‌లో తీసుకురావద్దు. ఆ దూరానికి సూపర్ లగ్జరీలో డబ్బు పెట్టండి, పుష్‌బ్యాక్ సీటు నడుముకూ మోకాలికీ మేలు. ఉచితం సంగతి ఇక్కడ సిటీ బస్సుల్లో వాడుకోవచ్చు.

దిగేది కాంప్లెక్స్‌లో. బోర్డు మీద ద్వారకా బస్ స్టేషన్ అని ఉంటుంది గానీ ఊళ్ళో ఎవరిని అడిగినా కాంప్లెక్సే అంటారు. గాజువాక రాగానే విశాఖ వచ్చేసిందని లేచి నిలబడకండి, అక్కణ్ణించి ఇంకా చాలా దూరం ఉంది.

రూము బీచ్ రోడ్డులోనే కావాలని పట్టుపట్టకండి. కాంప్లెక్స్ చుట్టుపక్కల, ఆశీల్‌మెట్ట వైపు తీసుకుంటే అన్ని వైపులకూ బస్సులు దొరుకుతాయి, సముద్రం ఆటోకు దగ్గరే. 24 గంటల చెకౌట్ ఉందా అని ముందే ఫోన్ చేసి అడగండి. ఇద్దరి ఆధార్ కార్డులూ దగ్గర పెట్టుకోండి. మా బంధువులు ఒకసారి ఫోటో చూసి సముద్రం కనిపించే గదని ఎక్కువ డబ్బు కట్టారు. తీరా కిటికీ తీస్తే పక్క బిల్డింగు నీళ్ళ ట్యాంకు. డబ్బు తిరిగి రాలేదు.

జవాబు (రిటైర్డ్ కండక్టర్, అనకాపల్లి)

పై వారు చెప్పింది నిజం. నేను కలిపేది కొంచెమే. ఖాళీ కడుపుతో ఎక్కించకండి, పూరీలు పెట్టి కూడా ఎక్కించకండి. రెండు ఇడ్లీలు చాలు. అల్లం ముక్క బుగ్గన పెట్టుకోమనండి. వాంతులు రాకుండా వేసుకునే అవోమిన్ లాంటి మాత్ర బస్సెక్కాక వేసుకుంటే ఏం లాభం లేదు, కనీసం అరగంట ముందు పడాలి. నిద్ర మత్తు వస్తుంది. ఆవిడ వేరే మందులు వాడుతుంటే డాక్టర్ని అడిగాకే ఇవ్వండి. ఇంకోటి, ఎక్కగానే డ్రైవరుకు చెప్పేయండి. మొహమాటపడి చివరి నిమిషంలో కేక వేస్తేనే మాకు ఇబ్బంది. ముందే తెలిస్తే ఎక్కడ ఆపాలో మేమే చూసుకుంటాం.

జవాబు (భీమిలి)

అన్నయ్యా, వదినగారికి కొండా సముద్రమూ కలిసి కనిపించాలంటే మా ఊరి రోడ్డే. 25 కిలోమీటర్లు. కానీ బస్సు నంబరు చూసి ఎక్కండి. 900కె అయితే రుషికొండ మీదుగా బీచ్ రోడ్డులో వస్తుంది. 999 కూడా భీమిలిదే గానీ హైవే మీదుగా పోతుంది, సముద్రం కనబడదు. చాలామంది భీమిలి బోర్డు చూసి 999 ఎక్కేస్తారు, అంత దూరం వచ్చీ రోడ్డు చూడకుండా పోతారు. 900కెలో వచ్చేటప్పుడు డ్రైవరు వైపు కిటికీ పట్టుకోండి, సముద్రం అటే. పొద్దుటి ఎండ కూడా అటే కొడుతుంది, తువ్వాలు దగ్గర పెట్టుకోండి. 2025లో ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా విద్యుత్ డబుల్ డెక్కర్లు కూడా వేశారు, మెట్లెక్కగలిగితే అదీ బాగుంటుంది.

తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువుల విహారం ఆనవాళ్ళు ఉన్నాయి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. పైదాకా రోడ్డుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నడవకుండా ఆటో మాట్లాడుకోండి. ఎర్రమట్టి దిబ్బలు దారిలోనే, కానీ లోపల గుల్ల నేల, కాలు జారుతుంది. వదినగారు అంచునే నిలబడి చూస్తే చాలు. భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు, లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటు చూడండి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు మాది.

చేతులెత్తి చెప్పేది ఒకటుంది. ఆర్కే బీచ్‌లో నీళ్ళలోకి దిగకండి. సూర్యలంకలోలా మెల్లగా లోతయ్యే తీరం కాదిది. మోకాలి లోతులో నిలబడినా వెనక్కి వెళ్ళే అల కాళ్ళకింద ఇసుకను లాగేస్తుంది. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరి పిల్లలు పోతున్నారు. తడవాలనుంటే రుషికొండలో, లైఫ్‌గార్డులు ఉన్నచోట, వాళ్ళు వద్దంటే మారుమాట లేకుండా బయటికి రావాలి.

మళ్ళీ ప్రశ్న (తెనాలి)

అందరికీ చాలా కృతజ్ఞతలు. అరకు మానేశాం. ఆవిడకు సబ్‌మెరైన్ మీద బాగా మనసుంది. మోకాళ్ళతో లోపలికి వెళ్ళగలదా? సింహాచలం మెట్లెక్కాలా?

జవాబు (మద్దిలపాలెం, విశాఖ)

సింహాచలం కొండ మీదికి బస్సు వెళ్తుంది, మెట్లు అక్కర్లేదు. స్వామి నిజరూపం అక్షయ తృతీయ నాడే, మిగతా ఏడాదంతా చందనంలోనే దర్శనం. శని, ఆదివారాలు తప్పించండి.

కైలాసగిరికి రోప్‌వే ఉంది, మోకాళ్ళకు పని లేదు. గాలి ఎక్కువైతే ఆపేస్తారు కాబట్టి వెళ్ళాక అడిగి టికెట్ తీసుకోండి.

సబ్‌మెరైన్ సోమవారం సెలవు. ఐఎన్ఎస్ కుర్సురా 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసింది. 2002లో ఒడ్డుకు తెచ్చి మ్యూజియం చేశారు. 91 మీటర్ల పొడవు, ఒక కొస నుంచి ఇంకో కొసకు నడవాలి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ద్వారం, తల వంచి కాలు ఎత్తి దాటాలి. అదొక్కటే కష్టం. రద్దీ లేని వేళ వెళ్ళి, వెనకవాళ్ళను ముందుకు పొమ్మని చెప్పి, పక్కన ఉన్నది పట్టుకుని మెల్లగా దాటితే అవుతుంది. లోపల వివరాలు చెప్పేది మాజీ నౌకాదళం వాళ్ళు, తొందరపెట్టరు.

తెనాలి నుంచి, తిరిగి వచ్చాక

మాట ప్రకారం రాస్తున్నాను, మా తర్వాత వెళ్ళేవాళ్ళకు పనికొస్తుంది.

వెళ్ళేటప్పుడు 4వ వరుస దొరికింది. అల్లం, రెండు ఇడ్లీలు, డాక్టర్ని అడిగి సగం మాత్ర. రాజమండ్రి దాకా కళ్ళు మూసుకునే ఉంది. ఒక్కసారి కూడా ఆపించలేదు. పెళ్ళయ్యాక ఇంత దూరం ఇలా రావడం ఇదే మొదలు.

సబ్‌మెరైన్‌లో మొదటి గుండ్రటి ద్వారం దగ్గర ఆగిపోయింది. నేను అవతలికి దాటి రెండు చేతులూ పట్టుకున్నాను. రెండోదానికి ఒక చెయ్యి చాలంది. మూడోది తనే దాటింది. ఒకదాని మీద ఒకటి వేలాడే ఆ ఇరుకు పడకల మీద చెయ్యి వేసి, "ఇంత చోట్లో ఎలా పడుకున్నారయ్యా బిడ్డలు" అని అక్కడి పెద్దాయన్ని అడిగింది. ఆయన మా కోసం చాలాసేపు నిలబడి చెప్పారు.

సింహాచలం వెళ్ళలేకపోయాం. భీమిలికి ఒక పూట అనుకున్నది రోజంతా పట్టింది, నాకేం బాధ లేదు. 900కెలో డ్రైవరు వైపు కిటికీ పట్టాం. రుషికొండ దాటాక ఒక పక్క కొండ, ఇంకో పక్క నీళ్ళు. తను కిటికీ కమ్మీ మీద గడ్డం ఆనించి దిగేదాకా మాట్లాడలేదు. గోస్తనీ కలిసేచోట నది వైపు నీళ్ళు నోట్లో వేసుకుని, తర్వాత సముద్రం వైపువి వేసుకుని, "రెండూ ఉప్పే" అంది. ఆటుపోటు వల్లేమో.

రూము కాంప్లెక్స్ దగ్గరే తీసుకున్నాం, 24 గంటల చెకౌట్. రాత్రిళ్ళు బస్సుల హారన్లు వినబడతాయి, నిద్ర తేలికగా ఉండేవాళ్ళు వెనక వైపు గది అడగండి. బీచ్ రోడ్డులో ముంత మసాలా రెండు సాయంత్రాలూ తిన్నాం.

తిరుగు ప్రయాణంలో కూడా అదే వరుస. యలమంచిలి రాకముందే నిద్రపోయింది, ఈసారి మాత్ర లేకుండానే. అన్నవరంలో టీకి ఆపితే ప్రసాదం కొనడానికి నేనే లేపాల్సి వచ్చింది.