వరాశిక, లౌతికళ, మృద్వి: త్రీడీ అట్లాసులో ఈ పేర్లు ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న (హన్మకొండ నుంచి ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు):

గ్రూపు పెద్దలకు నమస్కారం. కంప్యూటరు తెర మీద తలను పొరలు పొరలుగా విప్పి చూపే త్రీడీ అట్లాసుతో పదో తరగతి పిల్లలకు మెదడు పాఠం చెప్తున్నాను. అందులోని పేర్లన్నీ లాటినులోనో ఇంగ్లీషులోనో ఉన్నాయి. మెదడును కప్పి ఉంచే మూడు పొరలకు మన పాఠ్యపుస్తకంలో ఉన్న వరాశిక, లౌతికళ, మృద్వి అనే పేర్లకు పిల్లల నోరు తిరగడం లేదు. వాటిని విడిచిపెట్టి డ్యూరా, అరక్నాయిడ్, పయా అనడమే మేలని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. మీ అభిప్రాయం తెలుపగలరు.

జవాబు (వరంగల్‌లో శరీర నిర్మాణ శాస్త్రం బోధించిన సభ్యుడు):

మేడమ్ గారూ, ఆ మూడు పేర్లనూ విడిచిపెట్టవద్దని నా మనవి. పుస్తకంలోని బొమ్మలో వాటి అర్థం బయటపడదు, త్రీడీ అట్లాసులో చక్కగా బయటపడుతుంది.

పుస్తకంలో మూడు పొరలూ పక్కపక్కన గీసిన మూడు గీతలే కాబట్టి, పేర్లు తారుమారైనా విద్యార్థికి తేడా తెలియదు. అట్లాసులో పుర్రె ఎముకను తొలగించి చూడండి. మొదట కనిపించే మందమైన పొర వరాశిక. రెండు అర్ధగోళాల నడుమకు కొడవలి ఆకారంలో దిగే మడత, పెద్దమెదడుకూ చిన్నమెదడుకూ మధ్య పరుచుకొనే మడత దానివే. అమరకోశంలో వరాశి అంటే స్థూలశాటకం, అంటే ముతక వస్త్రం. ఈ పేరు పెట్టినవారు ఆ మాటను అక్కడి నుంచే తీసుకొని ఉంటారని నా నమ్మకం.

దాన్ని కూడా తొలగిస్తే లౌతికళ కనిపిస్తుంది. లూత అంటే సాలెపురుగు. ఈ పొర మెదడు గాడుల్లోకి దిగకుండా ఒక గట్టు నుంచి మరో గట్టుకు పైపైనే సాగిపోతుంది, దాని అడుగు నుంచి సన్నని పోగులు సాలెగూడు దారాల్లా కింది పొరను అందుకుంటాయి, ఆ సందులోనే మెదడును చుట్టి ఉండే మస్తిష్కమేరు ద్రవం నిండి ఉంటుంది. ఇక మృద్వి, అంటే మెత్తనిది, మెదడును అంటిపెట్టుకొని ప్రతి గాడి అడుగు దాకా దిగుతుంది. తెర మీద మెదడును అడ్డంగా కోసి, ఒక్క గాడిని పెద్దది చేసి చూపిస్తే, ఒక పొర గాడిని దాటిపోవడమూ మరొకటి అందులోకి దిగడమూ పిల్లలు తమ కళ్లతోనే చూస్తారు. డాక్టర్లకు ఈ తేడా ప్రాణావసరం: లౌతికళ కింది సందులోకి రక్తం చేరితే సి.టి. స్కానులో గాడులు తెల్లగా కనిపిస్తాయి, వరాశికకూ లౌతికళకూ నడుమ చేరితే అది నెలవంక ఆకారంలో పరుచుకుంటుంది.

ఒక జాగ్రత్త అవసరం. అమెరికాలోని జాతీయ వైద్య గ్రంథాలయం 1994లో విడుదల చేసిన విజిబుల్ హ్యూమన్ అనే, ఒక పురుషుడి దేహాన్ని పలుచని పొరలుగా కోస్తూ తీసిన చిత్రాల్లో కోతకూ కోతకూ మధ్య దూరం 1 మిల్లీమీటరు. మృద్వి అంతకంటే ఎంతో పలుచన. మామూలు ఎం.ఆర్.ఐ. స్కానులోనూ అది విడి పొరగా తేలదు. కాబట్టి తెర మీద విడిగా కనిపించే మృద్వి సాధారణంగా చిత్రకారుడు గీసి చేర్చినదే అని పిల్లలకు చెప్పండి.

లాటిను పేర్ల సంగతికి వస్తే, డ్యూరా మేటర్ అంటే 'గట్టి తల్లి'. అది మధ్యయుగంలో అరబ్బీ వైద్యగ్రంథాల నుంచి లాటినులోకి మాటకు మాటగా దించుకున్న పేరు. వాళ్లు అనువదించుకున్నట్లే మనవాళ్లూ పేర్లు కల్పించుకున్నారు, మన పేర్లలో అర్థం ఇంకా సూటిగా ఉంది.

మరో సభ్యుడు (జనగామ):

సార్, లౌతికళ సరే. మన దవాఖానకు వచ్చే మనిషి మాత్రం 'నెత్తి నొస్తున్నది' అంటాడు. తెలుగు అట్లాసు చేస్తే అందులో ఆ మాటకు చోటు ఉండదా?

జవాబు:

తప్పకుండా ఉండాలి, అందుకు సాంకేతికంగా అడ్డంకి కూడా లేదు. ఇలాంటి అట్లాసులో త్రీడీ చిత్రంలోని ప్రతి చిన్న ఘనానికీ అది ఏ భాగానిదో తెలిపే అంకె ఒకటి ఉంటుంది, పేర్ల పట్టిక వేరుగా ఉంటుంది. ఒకే అంకెకు ఎదురుగా లాటిను పేరు, పుస్తకం పేరు, వాడుక పేరు మూడూ రాయవచ్చు. మనవాళ్ల మెదడు కొలతలతో అట్లాసు తయారుచేసే పని ఇప్పటికే జరిగింది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 100 మంది ఎం.ఆర్.ఐ. స్కానుల నుంచి రూపొందించిన భారతీయ మెదడు అట్లాసు 2019లో వెలువడింది. పాశ్చాత్యుల మెదడుతో పోలిస్తే భారతీయుల మెదడు సగటున కొంత చిన్నదని అందులో తేలింది. జనం మాటకు జీవితాంతం పట్టం కట్టిన కాళోజీ పేరు మీద ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉన్న ఊరు మనది, వాడుక పేర్ల పట్టికను మనమే మొదలుపెడితే బాగుంటుంది.

అయితే వాడుక మాటకు హద్దు గీయడం కష్టమైన పని. నెత్తి అంటే మన దగ్గర తల మొత్తం, కోస్తాలో తల పైభాగం. కాబట్టి దాన్ని ఎముకకు కాకుండా తలలోని ప్రాంతానికి పేరుగా, ఏ జిల్లా వాడుకో తెలిపే వివరంతో చేర్చాలి. కణత సులువు, కంటికీ చెవికీ మధ్య భాగమని అందరూ ఒప్పుకుంటారు. మాడు విషయంలో మాత్రం రెండు అట్లాసులు కావాలి. పసిపిల్లల అట్లాసులో అది ఎముకలు ఇంకా కలవని మెత్తని ఖాళీ. సుమారు ఏడాదిన్నరకు అది పూడిపోతుంది కనుక, పెద్దల అట్లాసులో పుర్రె అతుకులు కలిసే ఒక్క బిందువు దగ్గర ఆ పేరు రాయాలి.