సైకిల్‌తో వచ్చిన కాయిల్ ఫోర్క్ బిగుసుకుపోయింది: సర్వీస్ చేయించాలా, ఎయిర్ ఫోర్క్ వేయించాలా?

కొత్తపట్నం_రోడ్ (ఒంగోలు)

29 ఇంచుల ఎంటీబీ (మౌంటెన్ బైక్). ముందు సైకిల్‌తో పాటే వచ్చిన కాయిల్ ఫోర్క్ (లోపల స్ప్రింగ్ ఉన్న సస్పెన్షన్), ట్రావెల్ (దిగే దూరం) 100 మి.మీ., హైడ్రాలిక్ లాకౌట్ (ఫోర్క్ కదలకుండా ఆపేది) ఉంది. నా బరువు 82 కేజీలు. తిరిగేది ఎక్కువగా కొత్తపట్నం బీచ్ వైపు, తీరం వెంబడి తడి ఇసుకలో. సెలవు రోజుల్లో చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీలు తిరిగే మట్టిరోడ్లు.

బాధ ఏందంటే, చిన్న గతుకులకు ఫోర్క్ అసలు కదలదు. పెద్ద గుంటలో పడితే సగం దిగి, కాసేపు అక్కడే ఆగి మెల్లగా పైకొస్తుంది. ముందు బ్రేక్ పట్టి ఊపితే ఎక్కడో ‘టక్ టక్’ అంటుంది. లాకౌట్ వేసినా తీసినా ఒకటే. ఎడమ రాడ్ మీద, సీల్‌కి కొంచెం పైన, రెండు మూడు తుప్పు చుక్కలున్నాయి. షాపులో అడిగితే ‘వీటికి సర్వీస్ ఉండదు, మార్చేయండి’ అన్నారు. నిజంగా మార్చాల్సిందేనా? మారిస్తే స్ప్రింగ్ బదులు గాలితో పనిచేసే ఎయిర్ ఫోర్క్ మంచిదా, సస్పెన్షనే లేని రిజిడ్ మంచిదా?

పెన్నా_పెడల్ (నెల్లూరు)

అన్నా, నువ్వు చెప్పింది ఒక జబ్బు కాదు, మూడు. మూడూ కలిపి చూస్తే ఫోర్క్ మొత్తం పోయినట్టే కనపడుద్ది. విడదీసి చూడు.

చిన్న గతుకులకు కదలకపోవడం, దిగినాక పైకి రాకపోవడం దాదాపు ఎప్పుడూ లోపల గ్రీజు ఎండిపోయినందుకే. ఈ రకం కాయిల్ ఫోర్కుల్లో ఆయిల్ బాత్ ఉండదు. రాడ్లు లోయర్స్‌లోని (కింది గొట్టాల్లోని) బుషింగుల (రాడ్ జారే ఉంగరాల) మీద గ్రీజుతోనే జారతాయి. ఫ్యాక్టరీలో పెట్టేది పల్చటి పూత. సముద్రపు గాలి తేమ, క్వారీ దుమ్ము వైపర్ సీల్ (రాడ్‌ని తుడిచే రబ్బరు) దాటి లోపలికి పోయి ఆ పూతతో కలిస్తే అది గ్రీజు కాదు, రుబ్బుడు ముద్ద. స్ప్రింగ్ బాగానే నెడుతుంది, బుషింగ్ పట్టుకుంటుంది.

‘టక్ టక్’ వేరే సంగతి. ముందు బ్రేక్ గట్టిగా పట్టి సైకిల్‌ని ముందుకూ వెనక్కూ ఊపు. ఊపుతా ఒక చేతి వేళ్లు రాడ్ సీల్‌లోకి దూరే చోట పెట్టు. అక్కడ కదలిక తగిలితే బుషింగ్ అరిగింది. వేళ్లు తీసి హెడ్ ట్యూబ్ (ఫ్రేమ్ ముందరి నిలువు గొట్టం) కింద, ఫోర్క్ కిరీటం ఫ్రేమ్‌ని కలిసే సందులో పెట్టు. అక్కడ తగిలితే హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) వదులు, ఫోర్క్ తప్పేం లేదు. రెండు చోట్లా లేకపోతే బ్రేక్ వదిలేసి ముందు చక్రాన్ని గోడకు ఆనించి నెట్టు. అప్పుడు శబ్దం పోయిందంటే అది బ్రేక్ క్యాలిపర్‌లో ప్యాడ్లు కదిలే చప్పుడు, పట్టించుకోనక్కర్లేదు.

లాకౌట్ పోవడం మూడోది. ఆ ధరలో లాకౌట్ కార్ట్రిడ్జ్ (లోపలి నూనె గొట్టం) సీల్ చేసి వస్తుంది, విప్పి నూనె మార్చే వీలుండదు. దొరికితే అదే కొలతది మొత్తంగా మార్చాలి, లేకపోతే లాకౌట్ లేకుండానే తొక్కాలి. లాకౌట్ వేసి ఉంచి స్పీడ్ బ్రేకర్ ఎక్కిస్తే ముందు పోయేది అదే. చవక కార్ట్రిడ్జుల్లో ఒత్తిడి ఎక్కువైతే తెరుచుకునే వాల్వ్ ఉండదు.

ఇంకోటి. టైర్లో గాలి ఎంత పెడుతున్నావు?

గేర్_డౌన్ (ఒంగోలు)

ఎందుకన్నా ఈ గొడవంతా. కాయిల్ పీకేసి రాక్‌షాక్స్ జూడీ లాంటి ఎయిర్ ఫోర్క్ పెట్టుకుంటే బరువూ తగ్గుద్ది, నీ 82 కేజీలకు సరిగ్గా సెట్ చేసుకోవచ్చు. కాయిల్‌కి పెట్టే ప్రతి రూపాయీ దండగ.

అలెన్_కీ_5 (కావలి)

దండగ కాదు. దీనికి కావలసింది గ్రీజు, స్పిరిట్, ఒక పూట. చేసి చూశాకే మార్చాలా వద్దా తెలిసేది. పద్ధతి ఇది.

ముందు చక్రం తీయండి. క్యాలిపర్ పట్టిన రెండు బోల్టులు 5 మి.మీ. అలెన్ కీతో విప్పి, క్యాలిపర్‌ని కేబుల్ టైతో ఫ్రేమ్‌కి వేలాడదీయండి. హైడ్రాలిక్ బ్రేక్ అయితే ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టండి, పొరపాటున లివర్ నొక్కితే పిస్టన్లు బయటికొస్తాయి.

ఫోర్క్ కాళ్ల అడుగున రెండు బోల్టులుంటాయి. కొన్నిటిలో లోతుగా ఉంటాయి, పొడుగు అలెన్ కీ కావాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు: బోల్టుతో పాటు లోపలి రాడ్ కూడా గిరగిరా తిరుగుతుంది, బోల్టు ఊడిరాదు. స్ప్రింగ్ ఉన్న కాలు అయితే ప్రీలోడ్ నాబ్ (స్ప్రింగ్‌ని ముందే నొక్కి ఉంచేది) పూర్తిగా బిగించి, ఒకరు హ్యాండిల్ మీద బరువేసి ఫోర్క్‌ని నొక్కి పట్టుకుంటే స్ప్రింగ్ ఒత్తిడికి రాడ్ తిరగదు. లాకౌట్ ఉన్న కాలుకి దీనికి రివర్స్, లోయర్స్‌ని కిందికి లాగి పట్టుకొని తిప్పాలి.

బోల్టు పూర్తిగా తీసేయకండి. మూడు నాలుగు చుట్లు వదులు చేసి, దాని తల మీద ప్లాస్టిక్ సుత్తితో కొట్టండి. లోపలి రాడ్ లోయర్ నుంచి విడివడిన చప్పుడు తెలుస్తుంది. ఇనుప సుత్తి వాడితే థ్రెడ్లు పోతాయి. ఆ తర్వాత బోల్టులు తీసి, రెండు చేతులతో రెండు కాళ్లనూ ఒకేసారి, వంకర లేకుండా కిందికి లాగితే లోయర్స్ వచ్చేస్తాయి.

లోపల గోధుమరంగు ముద్ద కనపడితే పెన్నా గారు చెప్పిందే కరెక్ట్. పొడుగాటి కర్రకి నూలుగుడ్డ చుట్టి, మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌తో లోపలంతా తుడవండి. ఒక్కో కాలులో బుషింగులు రెండుంటాయి, పైది కనపడుతుంది, కిందిది చేతికందనంత లోతులో ఉంటుంది. మురికంతా ఆ కింది దాని దగ్గరే పేరుకుంటుంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవాలి. పెట్రోలు, డీజిలు, కిరోసిన్ వద్దు, సీల్ రబ్బరు ఉబ్బిపోతుంది.

గ్రీజు సస్పెన్షన్‌కి పనికొచ్చేదే కావాలి. స్లిక్ హనీ, శ్రామ్ బటర్ లాంటివి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మెకానిక్ షెడ్లలో బేరింగులకు పూసే లిథియం గ్రీజు బుషింగుల మీద మరీ చిక్కగా ఉంటుంది, పైగా సీల్ రబ్బరుకి పడదు. రెండు కాళ్లకూ కలిపి 10-15 గ్రాములు చాలు. బుషింగులకు పల్చగా, వైపర్ సీల్ పెదవి లోపలి గాడి నిండా, స్ప్రింగ్ మీద చప్పుడు రాకుండా కొంచెం. ఎక్కువ కూరితే అడుగున పోగుపడి చివరి ట్రావెల్ తినేస్తుంది.

లోయర్స్ ఎక్కించేటప్పుడు సీల్ పెదవి లోపలికి మడత పడకుండా చూడండి. ఇంకొక చిట్కా: ఫోర్క్ నొక్కుతున్నప్పుడు పల్చటి కేబుల్ టై ఒకటి సీల్ పక్కన దూర్చి ఉంచితే లోపల ఇరుక్కున్న గాలి బయటికి పోతుంది. లేకపోతే ఆ గాలే ఇంకో స్ప్రింగ్ లాగా పనిచేసి ‘ఇంకా బిగువుగానే ఉందే’ అనిపిస్తుంది.

తిరిగి బిగించాక ప్రీలోడ్ పూర్తిగా వదలండి. రాడ్‌కి కేబుల్ టై వదులుగా కట్టి సీల్‌కి ఆనించండి. షూ, బ్యాగ్, నీళ్ల సీసాతో సహా సైకిల్ ఎక్కి, గోడ పట్టుకొని కదలకుండా కూర్చొని, మెల్లగా దిగండి. కేబుల్ టై సీల్ నుంచి ఎంత దూరం జరిగిందో అది సాగ్, అంటే మీ బరువుకే ఫోర్క్ దిగిన దూరం. 100 మి.మీ. ఫోర్క్‌కి 20 మి.మీ. అటూ ఇటూ ఉంటే బాగుంటుంది. 30 దాటితే ప్రీలోడ్ పెంచండి. కానీ ప్రీలోడ్‌తో స్ప్రింగ్ గట్టిపడదు, సాగ్ ఒక్కటే మారుతుంది. నాబ్ చివరిదాకా తిప్పినా 30 దాటుతుంటే గట్టి స్ప్రింగ్ వేయాలి.

పెన్నా_పెడల్ (నెల్లూరు)

తుప్పు చుక్కల మీద గోరు గీచి చూడు. గోరు పట్టలేదంటే పైపై తుప్పే, గుడ్డకు కొంచెం నూనె పట్టించి రుద్దితే పోద్ది. గోరు పట్టిందంటే అంచు లేచింది, ఫోర్క్ కదిలిన ప్రతిసారీ సీల్‌ని కోస్తా ఉంటుంది. అప్పుడు 2000 నంబర్ నీటి కాగితాన్ని నూనెలో తడిపి చుక్క మీద మాత్రమే ఆడించి అంచు చంపు. గుంటలో రంగులేని నెయిల్ పాలిష్ ఒక బొట్టేసి, ఆరినాక మళ్లీ అదే కాగితంతో చదును చెయ్యి. ఇది క్రోమ్ పూసిన ఇనుప రాడ్లకే. అల్యూమినియం రాడ్ అయితే కాగితం పెట్టొద్దు, పైనున్న ఆనోడైజింగ్ పొర పోద్ది. అయస్కాంతం అంటుకుంటే ఇనుము. తుప్పు రాడ్ పైభాగాన, సీల్ ఎప్పుడూ చేరని చోట ఉంటే మాత్రం నూనె తుడిచి వదిలేయొచ్చు.

వెలిగొండ_ట్రయల్ (ఉదయగిరి)

ఎయిర్ ఫోర్క్ అన్నవాళ్లకు ఒక మాట. ఎయిర్ మంచిదే, కాదనను. కానీ ‘వేసుకో’ అంటే సరిపోదు, మీ ఫ్రేమ్‌కి ఎక్కాలి.

స్టీరర్ ట్యూబ్ (హెడ్ ట్యూబ్‌లోకి దూరే ఫోర్క్ గొట్టం) రెండు రకాలు. పైనుంచి కిందిదాకా ఒకే లావు, 28.6 మి.మీ.; లేదా కింద లావెక్కే టేపర్డ్. తక్కువ ధర ఎంటీబీల్లో ఎక్కువగా మొదటిదే ఉంటుంది, టేపర్డ్ ఫోర్క్ అందులోకి పోదు. తర్వాత హబ్ (చక్రం నడిమి భాగం): 9 మి.మీ. క్విక్ రిలీజా (మీటతో బిగించే సన్న ఇరుసు), 15 మి.మీ. త్రూ యాక్సిలా (హబ్ గుండా దూరే లావు ఇరుసు) చూడాలి. బూస్ట్ (వెడల్పు హబ్‌కి చేసిన) ఫోర్క్ తెచ్చి మామూలు హబ్ పెట్టుకుంటే చక్రం కూడా మార్చాల్సి వస్తుంది, అప్పుడు తెలుస్తుంది ఖర్చు. ట్రావెల్ 100 ఉంటే 100 మాత్రమే. 20 మి.మీ. పెరిగితే హెడ్ యాంగిల్ (హెడ్ ట్యూబ్ వాలు) దాదాపు ఒక డిగ్రీ వాలుతుంది, ముందు భాగం లేస్తుంది, ఎత్తెక్కేటప్పుడు హ్యాండిల్ తడబడుతుంది. ఫ్రేమ్ కంపెనీ ఒప్పుకోని ట్రావెల్ అయితే హెడ్ ట్యూబ్ వెల్డింగ్ మీద భారం అదనం.

ఎయిర్‌కి షాక్ పంప్ (సస్పెన్షన్‌కి గాలి కొట్టే చేతి పంప్) తప్పనిసరి. పెట్రోల్ బంకు కంప్రెసర్ దగ్గరికి తీసుకెళ్లకండి. లోపలి గది చాలా చిన్నది, ఒక్క దెబ్బకు లిమిట్ దాటిపోతుంది. పంప్ తగిలించగానే ముల్లు తక్కువ చూపిస్తే లీక్ అనుకోవద్దు, గొట్టంలోకి పోయిన గాలే అది. కొట్టాక ఫోర్క్‌ని మెల్లగా ఓ పదిసార్లు నొక్కి వదిలి, నెగెటివ్ గది (అసలు గాలి గదికి ఎదురు నెట్టేది) నిండాక మళ్లీ చూసి సరిచేయాలి.

మన ఎండల్లో ఇంకో లెక్క. ఉదయం 27 డిగ్రీల్లో 100 పీఎస్‌ఐ పెట్టి, రోహిణి కార్తె మధ్యాహ్నం సైకిల్‌ని ఎండలో వదిలేస్తే ఫోర్క్ 47 డిగ్రీలకు చేరుతుంది అనుకుందాం, ప్రెషర్ 107-108 అవుతుంది. సాగ్ తగ్గి ముందు చక్రం గట్టిగా తగులుతుంది. తొక్కే వేళకే సెట్ చేసుకోండి.

ఎయిర్ ఫోర్క్‌కి సర్వీస్ ఉండదని కూడా అనుకోకండి. రాక్‌షాక్స్ 50 గంటల రైడింగ్‌కి లోయర్ లెగ్ సర్వీస్ చేయమంటుంది, 200 గంటలకు డ్యాంపర్ (కదలిక వేగాన్ని అదుపు చేసే భాగం) సర్వీస్. బీచ్ రైడ్లు చేసేవాళ్లు 50 దాకా ఆగకపోవడమే మంచిది. ఆయిల్ ఏ కాలికి ఎన్ని మి.లీ. అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది, ఆ మోడల్ పట్టిక చూసే పోయాలి. అడుగు బోల్టులకు 7.3 న్యూటన్ మీటర్లు, వాషర్లు కొత్తవి.

నా మటుకు నాకు, తార్రోడ్డు, తడి ఇసుక మాత్రమే అయితే రిజిడ్ ఫోర్క్ మేలు. ఉప్పుకి పాడవడానికి అందులో ఏముంది? 29 ఇంచుల 100 మి.మీ. సస్పెన్షన్ ఫోర్క్ స్థానంలో పెట్టేదైతే యాక్సిల్ (ఇరుసు) నుంచి క్రౌన్ (ఫోర్క్ కిరీటం) దాకా 480-490 మి.మీ. ఉన్నది చూసుకోండి, లేకపోతే సైకిల్ ముందుకు ఒరుగుతుంది. చీమకుర్తి రోడ్లు వదలనంటే మాత్రం సస్పెన్షనే ఉండనీయండి.

కొత్తపట్నం_రోడ్ (ఒంగోలు)

అందరికీ థ్యాంక్స్. వేళ్లు పెట్టి చూశా. సీల్ దగ్గర కదలిక లేదు, హెడ్ ట్యూబ్ కింద సందులో బాగా తగులుతోంది. తుప్పు చుక్కలకు గోరు పట్టడం లేదు, అయస్కాంతం అంటుకుంటోంది. టైర్లు 2.2 ఇంచులు, షాపులో 50 పీఎస్‌ఐ కొట్టి పంపిస్తారు, అదే ఉంచుతున్నా. తగ్గిస్తే సర్కారు తుమ్మ ముళ్లకు పంక్చర్లు పెరుగుతాయేమోనని.

పెన్నా_పెడల్ (నెల్లూరు)

50 పీఎస్‌ఐ పెట్టుకొని ఫోర్క్‌ని తిట్టడం న్యాయం కాదన్నా! చిన్న గతుకు మింగాల్సింది ముందు టైరు, తర్వాతే ఫోర్క్. ట్యూబ్ ఉన్న 2.2 టైరుకి, నీ బరువుకి ముందు 26, వెనక 30తో మొదలుపెట్టు. రిమ్ నేలకు తగులుతుంటే రెండు రెండు పెంచుకుంటా పో. తుమ్మ ముల్లు 50లో కూడా దిగుద్ది, గాలితో దానికి సంబంధం లేదు. దానికి మందు ట్యూబ్‌లో సీలెంట్.

అలెన్_కీ_5 (కావలి)

హెడ్‌సెట్ అయితే పని ఇంకా తేలిక. కానీ టాప్ క్యాప్ (స్టీరర్ పైమూత) ఒక్కటే పట్టుకొని బిగించకండి, స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్క్‌కి కలిపే ముక్క) స్టీరర్‌ని పట్టి ఉన్నప్పుడు ఎంత తిప్పినా ప్లే (వదులు) పోదు, లోపలి స్టార్ నట్ ఊడొస్తుంది. ముందు స్టెమ్ పక్క బోల్టులు రెండూ వదులు చేయండి. టాప్ క్యాప్‌ని కొంచెం కొంచెంగా, పావు చుట్టు చొప్పున బిగిస్తూ బ్రేక్ పట్టి ఊపి చూడండి. టక్ శబ్దం ఆగిన చోట ఆపండి. ముందు చక్రం పైకెత్తి సైకిల్‌ని పక్కకు వంచితే హ్యాండిల్ దానంతటదే వాలిపోవాలి. ఎక్కడైనా పట్టినట్టు ఆగితే ఎక్కువ బిగిసింది, లేదా బేరింగుల్లోకి ఉప్పునీళ్లు పోయాయి. అది సరయ్యాక హ్యాండిల్ నిటారుగా చూసుకొని స్టెమ్ బోల్టులు రెండిటినీ మార్చి మార్చి 5-6 న్యూటన్ మీటర్లకు బిగించండి.

ఫోర్క్ ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి అదే పూట ఫోర్క్‌ని కిందికి దించి హెడ్‌సెట్ కింది బేరింగ్ తుడిచి గ్రీజు పెట్టేయండి, చక్రం మీద నుంచి చిమ్మే నీళ్లన్నీ దానికే. బీచ్ నుంచి రాగానే రాడ్లను మంచినీళ్లతో తడిపిన గుడ్డతో తుడవండి. వాటర్ సర్వీసింగ్ గన్ సీల్ మీద కొట్టించారంటే మాత్రం ఇసుక నేరుగా బుషింగ్ దగ్గరికే.