లాంగ్ ట్రిప్‌కి టూల్ కిట్: ఏది మొయ్యాలి, ఏది ఇంట్లో వదిలెయ్యాలి?

కొత్తచక్రం:

అందరికీ నమస్తే. వచ్చే నెల పది రోజుల ట్రిప్ ఒకటి పెట్టుకున్నాను, రానూపోనూ మూడు వేల కిలోమీటర్ల పైమాటే, ఒక్కడినే వెళ్తున్నాను. ఇప్పటిదాకా పొద్దున బయల్దేరి చీకటి పడేలోపు ఇల్లు చేరే రైడ్‌లే తప్ప ఇంత దూరం ఎప్పుడూ పోలేదు. బండి సింగిల్ సిలిండర్, ఫ్యూయల్ ఇంజెక్షన్, రెండూ స్పోక్ వీల్సే, ట్యూబ్ టైర్లు. సెంటర్ స్టాండ్ లేదు.

సీటు కింద కంపెనీ ఇచ్చిన కిట్ ఉంది గానీ ఆ పానాలు చూస్తే రేకు వంచి చేసినట్టున్నాయి, నట్టు కదలకముందే అవి వంగిపోయేలా ఉన్నాయి. అందుకని నాలుగైదు వీడియోలు చూసి, ఒక్కొక్కరు చెప్పిందల్లా కొనుక్కుంటూ పోయాను. 46 ముక్కల సాకెట్ సెట్, పొడవాటి బ్రేకర్ బార్ (బిగుసుకున్న నట్లు విప్పే కడ్డీ), టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించామో చూపించే పానా), మూడు టైరు లివర్లు (రిమ్ నుంచి టైరు ఊడదీసే కడ్డీలు), ట్యూబులు రెండు, ప్లగ్ కిట్, చిన్న కంప్రెసర్, లీటరు ఇంజన్ ఆయిల్, చైన్ లూబ్ పెద్ద డబ్బా, మల్టీమీటర్, ఒక సుత్తి (ఇది ఎందుకు పెట్టానో నాకే తెలీదు). అన్నీ సంచిలో వేసి తూకం వేస్తే 9 కిలోలు దాటింది. బట్టలన్నీ కలిపినా అంత లేవు.

వీటిలో ఏవి తీసెయ్యొచ్చు? సంచి వీపుకి తగిలించుకుంటే ఫర్వాలేదా, బండికే కట్టాలా? ముందే చెప్తున్నా, నాకు రిపేరు పెద్దగా రాదు. చైన్ బిగించడం, ఆయిల్ మార్చడం, అంతవరకే. దారిలో ఎక్కడో ఆగిపోతే ఎలా అన్న టెన్షన్‌లోనే ఇన్ని కొన్నాననిపిస్తోంది.

గ్రీజుమరక:

తమ్ముడూ, ముందు ఆ సుత్తి, ప్లగ్ కిట్ రెండూ తీసి పక్కన పెట్టు. ప్లగ్ కిట్ ట్యూబ్‌లెస్ టైర్లకి. నీ బండిలో గాలి ఉండేది ట్యూబులో, టైరు బెజ్జంలో ఎన్ని ప్లగ్గులు కుక్కినా లోపలి ట్యూబు అతుక్కోదు. ఆ వీడియో చేసినాయన బండికి అల్లాయ్ వీల్స్ ఉండి ఉంటాయి, ఆయన తప్పేం లేదు.

వీపు సంచి వద్దే వద్దు. పడితే ఆ ఇనుమంతా వెన్నుపూసకి గుచ్చుకుంటుంది. పడకపోయినా మూడో రోజుకి భుజాలు లాగేస్తాయి. బరువైనవి ఎంత కిందికి, ఎంత బండి మధ్యకి వస్తే అంత మంచిది, పక్క సంచుల్లో అడుగున పెట్టుకో. సీటు వెనక చివర ఎత్తుగా కట్టావంటే ముందు చక్రం తేలికైపోయి స్పీడులో హ్యాండిల్ ఊగుతుంది.

ఇక అసలు సంగతి. ఏం ఉంచుకోవాలని మమ్మల్ని అడిగితే ప్రతివాడూ తన బండి లిస్టు చెప్తాడు. నువ్వు నీ బండినే అడుగు. ఒక ఆదివారం పొద్దున్నే కింద పాత దుప్పటి పరిచి, ఈ 9 కిలోలూ దాని మీద పోసి, దారిలో చెయ్యాల్సి రావచ్చనుకున్న పనులన్నీ వాటితోనే చెయ్యి. వెనక చక్రం ఊడదీసి మళ్ళీ వెయ్యి, తర్వాత ముందుది. చైన్ బిగించు. బ్యాటరీ టెర్మినల్ తీసి పెట్టు, స్పార్క్ ప్లగ్ విప్పు, క్లచ్ లివర్ విప్పు. చేతికి తగిలిన పనిముట్లు ఒక పక్కకి, తగలనివి ఇంకో పక్కకి. నేను పందెం వేసి చెప్తాను, ఆ 46 ముక్కల్లో నువ్వు ముట్టుకునేవి ఐదారు. జపాన్ బళ్ళలో ఎక్కువగా 8, 10, 12, 14, 17 సైజులు తిరుగుతుంటాయి, యూరప్ బళ్ళలో 13 కూడా తగులుతుంది, కొన్నిటికి టార్క్స్ (నక్షత్రం ఆకారపు) బిట్లు కావాలి, అలెన్ కీల్లో 4, 5, 6, 8 దాదాపు అన్నిటికీ పనికొస్తాయి. నీ బండి సైజులు మాత్రం నీ దుప్పటి మీదే తెలుస్తాయి.

ఈ పని ఎందుకు చెయ్యమంటున్నానంటే, నా మొదటి పెద్ద ట్రిప్‌లో వెనక టైరు పంక్చరైంది. ట్యూబు ఉంది, లివర్లు ఉన్నాయి, పంపు ఉంది, యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్టుకి సరిపడే పానా కూడా ఉంది. నట్టు రాలేదు. అంతకుముందు సర్వీసులో ఎవరో ఎయిర్ గన్‌తో బిగించేశారు. పానా మీద నిలబడి ఎగిరితే పానా జారింది, మోకాలు సైలెన్సర్‌కి కొట్టుకుంది, నట్టు మూలలు గుండ్రమయ్యాయి. చివరికి బండిని ట్రక్కెక్కించాను. నేను మోసుకెళ్ళినవాటిలో ఏ ఒక్కటీ అంతకుముందు ఆ నట్టుని ముట్టుకోలేదు, అదీ సంగతి.

లెక్క చూడు. వెనక యాక్సిల్‌కి చాలా బళ్ళలో 100 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగింపు చెప్తారు. 25 సెంటీమీటర్ల పానాతో అంత రావాలంటే చివర 40 కిలోల బలం పెట్టాలి. తుప్పు పట్టినా, ఎయిర్ గన్‌తో బిగించినా ఇంకా ఎక్కువే. పానా పొడవు రెట్టింపైతే 20 కిలోలు చాలు. కాబట్టి బ్రేకర్ బార్ ఉంచు, లేదా రింగ్ పానాకి తొడిగే పైపు ముక్క ఒకటి పెట్టుకో. టార్క్ రెంచ్ ఇంట్లోనే వదిలెయ్. దాంతో ఇంట్లో ఒకసారి సరిగ్గా బిగించి, నట్టు మీద, పక్కనున్న స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి లాంటి భాగం) మీద కలిసేలా పెయింట్ మార్కర్‌తో ఒక గీత పెట్టు. ఆ తర్వాత దారికి తీసుకెళ్ళే పానాతోనే విప్పి, గీత కలిసేదాకా బిగించి చూడు. ఎంత బలం పెట్టాలో చేతికి అలవాటవుతుంది. నట్టుకి స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా అడ్డంగా దూర్చే పిన్ను) ఉంటే కొత్తవి రెండు జేబులో వేసుకో.

రెండోగేరు:

ఇంత అవసరమా బ్రో. ఫోను, పవర్ బ్యాంకు, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నంబరు. నేను ఆరేళ్ళుగా తిరుగుతున్నా, సీటు కింద కిట్ తప్ప ఏమీ మొయ్యలేదు. ఈ కాలం ఇంజెక్షన్ బండి ఫ్యూయల్ పంపో ఈసీయూవో (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) పోయి ఆగితే నువ్వు రోడ్డు పక్కన దుప్పటి పరిచి పీకేదేం లేదు.

ఒంటరిదారి:

పంపు, ఈసీయూ విషయంలో నువ్వన్నది నిజమే. కానీ నన్ను దారిలో ఆపినవాటిలో సగానికి పైగా పంక్చర్లే, మిగతావి తెగిన కేబుళ్ళు, వదులైన టెర్మినళ్ళు. వీటికి ట్రక్కు కోసం నాలుగు గంటలు ఎండలో కూర్చోవడం నాకు నచ్చదు, పైగా ఫోన్‌లో సిగ్నల్ లేకపోతే ఆ నంబరు ఎందుకూ పనికిరాదు.

నేనూ ఒక్కదాన్నే తిరుగుతాను, చేతుల్లో బలం తక్కువ, కాబట్టి ట్యూబ్ మార్చడంలో బలం కన్నా ఒడుపు మీద ఆధారపడతాను. సెంటర్ స్టాండ్ లేదన్నావు కదా, ముందుగా బెల్టు ఒకటి వేసి ముందు బ్రేక్ లివర్‌ని గ్రిప్‌కి బిగించి కట్టెయ్. లేకపోతే బండి ముందుకి జారి సైడ్ స్టాండ్ మడుచుకుంటుంది. అప్పుడు సైడ్ స్టాండ్ వైపుకే బండిని ఇంకాస్త వంచి, చక్రం గాల్లోకి లేచాక రెండో పక్క స్వింగ్ ఆర్మ్ కిందో ఫ్రేమ్ కిందో రాయో, గట్టి పెట్టెయో ఆనించు. ఇది కూడా ఇంట్లోనే ఒకసారి చేసి చూడు, ఏ ఎత్తు పెట్టె కావాలో తెలుస్తుంది.

గాలి మొత్తం తీశాక టైరు అంచుని రిమ్ నుంచి విడగొట్టడానికి మడమతో తొక్కు, మోకాళ్ళ మీద కూర్చొని బరువు వెయ్యి, సబ్బు నీళ్ళు పొయ్యి. ఇక అందరూ తప్పు చేసేది ఇక్కడే: లివర్ వేసి ఎంత లాగినా టైరు రావట్లేదంటే తప్పు లివర్‌ది కాదు, ఎదురుగా ఉన్న అంచుది. రిమ్ మధ్యలో ఒక గుంట ఉంటుంది. లివర్ పెట్టిన చోటుకి సరిగ్గా ఎదురు పక్కన టైరుని మోకాళ్ళతో ఆ గుంటలోకి నొక్కి ఉంచితే ఇటువైపు రెండు వేళ్ళంత సందు వస్తుంది, లివర్ వెన్నలో దిగినట్టు దిగుతుంది. నొక్కకుండా బలంగా లాగావంటే లివర్ కొస కొత్త ట్యూబుని కొరికేస్తుంది. నేను ఒకే మధ్యాహ్నం రెండు ట్యూబులు అలా పాడుచేసుకున్నాను, మూడోసారి కూర్చొని ఏడ్చి, నీళ్ళు తాగి, అప్పుడు నెమ్మదిగా చేశాను.

పాత ట్యూబు తీశాక టైరు లోపలంతా చెయ్యి తిప్పి చూడు, మేకు ఇంకా అక్కడే ఉండొచ్చు. వట్టి చెయ్యి వద్దు, గుడ్డ పట్టుకుని తిప్పు. గుడ్డ పోగు ఎక్కడ పీకిందో అక్కడే ఉంటుందది. కొత్త ట్యూబులో గుండ్రంగా నిలబడేంత గాలి కొట్టి లోపల పెడితే మెలి పడదు, లివర్‌కీ దొరకదు.

ట్యూబులు రెండు మొయ్యక్కర్లేదు. మీ ముందు చక్రం 21 అంగుళాలైతే ముందు ట్యూబు ఒక్కటి చాలు, వెనక దాంట్లో కూడా మడత లేకుండా సర్ది నెమ్మదిగా నెట్టుకొచ్చెయ్యొచ్చు. అది తాత్కాలికమే, తర్వాత సరైన సైజు వేయించుకోవాలి. దాంతోపాటు ప్యాచ్‌లు, గమ్ము పెట్టుకో. గమ్ము ట్యూబు ఒకసారి తెరిస్తే ఎండిపోతుంది, అందుకని మూత తియ్యనివి చిన్నవి రెండు. వాల్వ్ కోర్ (ట్యూబు నోట్లో గాలిని ఆపే చిన్న ముక్క) విప్పే చిన్న తాళంచెవి లాంటిది ఉంటుంది, అదీ మర్చిపోవద్దు, దాని బరువేమీ లేదు.

ఫ్యూజుపెట్టె:

అక్క పంక్చర్ సంగతంతా చెప్పేశారు కాబట్టి నేను కరెంటు పక్కకి వెళ్తాను. ఆ కంప్రెసర్‌ని హ్యాండిల్ దగ్గరున్న యూఎస్‌బీ పాయింటు మీద నడుపుదామనుకుంటే నడవదు. చిన్న కంప్రెసర్లు కూడా 10 ఆంపుల దాకా లాగుతాయి. బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి వైరు, దానికో ఫ్యూజు, చివర ఒక ప్లగ్గు ముందే బిగించి పెట్టుకో. గాలి కొట్టేటప్పుడు ఇంజన్ నడుస్తూ ఉంటే బ్యాటరీ దిగిపోదు. లేదంటే చేతి పంపు, నాకు అదే ఇష్టం, రెండు వందల సార్లు కొట్టాలి, అయినా ఎప్పుడూ మొరాయించలేదు. సీఓటూ క్యాట్రిడ్జిలు (గాలి కొట్టడానికి గ్యాసు నింపిన చిన్న డబ్బాలు) కొనమని ఎవరైనా చెప్తే, అవి సైకిల్‌కి బాగుంటాయి. 16 గ్రాములది ఒక్కటి వెనక టైరుకి ఏ మూలకీ రాదు, నాలుగైదు కావాలి.

బండి ఉన్నట్టుండి స్టార్ట్ కాకపోతే టూల్స్ తియ్యకముందు కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే స్విచ్) చూడు, సైడ్ స్టాండ్ మడతపెట్టి చూడు. నవ్వొద్దు, సైడ్ స్టాండ్ స్విచ్‌లో బురద పడి గేరేస్తే చాలు ఆగిపోయే బండిని నేను గంటసేపు విప్పదీశాను. తర్వాత బ్యాటరీ టెర్మినళ్ళు, ఆ తర్వాత ఫ్యూజులు. నీ బండిలో ఏ ఆంపులవి ఉన్నాయో చూసి ఒక్కోటి రెండేసి పెట్టుకో. 10 పోయిన చోట 20 వేస్తే ఫ్యూజు బదులు వైరు కాలుతుంది. మల్టీమీటర్ ఉంచు, అరచేతిలో పట్టే చిన్నది చాలు. ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల చుట్టుపక్కల, ఇంజన్ కాస్త రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. రేజ్ చేసినా 12 దాటి కదలట్లేదంటే ఛార్జింగ్ పోయినట్టే, లైట్లు, ఛార్జర్లు అన్నీ ఆపేసి బ్యాటరీ ఉన్నంతసేపట్లో ఎక్కడికో ఒకచోటికి చేరుకోవాలి. తోసి స్టార్ట్ చేద్దామనుకుంటే, ఇంజెక్షన్ బండికి ఫ్యూయల్ పంపు తిరిగేంత కరెంటైనా ఉండాలి, బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే నువ్వెంత తోసినా దండగే.

క్లచ్ కేబుల్ అయితే కొత్తది కొని, పాత కేబుల్ పక్కనే, అదే దారిలో పరిచి జిప్ టైలు వేసెయ్. పాతది తెగినరోజు రెండు కొసలూ తగిలిస్తే అయిపోతుంది, ట్యాంకు ఎత్తక్కర్లేదు. సంచిలో చోటు కూడా మిగులుతుంది. ఆయిల్ లీటరు ఎందుకు? బండి ఆయిల్ తాగుతుందని నీకు ముందే తెలిస్తే తప్ప వద్దు. చైన్ లూబ్ చిన్న సీసాలో పోసుకో. చైన్ సైజుకి సరిపడే లింకు (చైన్ రెండు కొసల్ని కలిపే ముక్క) ఒకటి పెట్టుకో, క్లిప్పు వేసేటప్పుడు దాని మూసి ఉన్న కొస చైన్ వెళ్ళే వైపుకి ఉండాలి. క్లిప్పు తియ్యడానికి కటింగ్ ప్లేయర్. ఇన్సులేషన్ టేపు రోలు మొత్తం వద్దు, టైరు లివర్‌కే ఐదారు చుట్లు చుట్టేసుకో.

కొత్తచక్రం:

అందరికీ థాంక్స్. నిన్న దుప్పటి పరిచాను. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే మధ్యాహ్నం రెండైంది. గ్రీజుమరక అన్న చెప్పినట్టే యాక్సిల్ నట్టు కంపెనీ పానాకి కదల్లేదు, బ్రేకర్ బార్‌తో "టక్" మని వచ్చింది. ఆ 46 ముక్కల్లో నేను వాడినవి ఏడు. ఒంటరిదారి అక్కా, ఎదురు అంచు గుంటలోకి నొక్కే ముచ్చట రాకపోతే నేనూ ట్యూబు కొరికేసేవాణ్ణే, నొక్కగానే లివర్ దిగింది. ఇప్పుడు తూకం 4 కిలోల లోపే, చేతి పంపుతో కలిపి.

ఒకటే ఇబ్బంది. చక్రం బయటికి తీస్తుండగా రెండు పక్కల్నుంచీ చిన్న గొట్టాల్లాంటివి రాలి కింద పడ్డాయి. ఏది ఏ పక్కదో తెలియక అరగంట తిరగేశాను. చివరికి ఒకలా పెడితే చక్రం మధ్యకి వచ్చింది, ఇంకోలా పెడితే బ్రేక్ డిస్క్ రాసుకుంది. దారిలో చీకట్లో ఇలా అయితే?

గ్రీజుమరక:

అవి స్పేసర్లు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ పొడవులో తేడా. ఇప్పుడు సరిగ్గా కూర్చున్నాయి కదా, మళ్ళీ ఒకసారి తీసి, పెయింట్ మార్కర్‌తో చైన్ వైపుదాని మీద ఒక చుక్క, డిస్క్ వైపుదాని మీద రెండు చుక్కలు పెట్టెయ్. చక్రం లోపలికి ఏ మొహం పోవాలో అది కూడా ఫోటో తీసుకో. తలకి పెట్టుకునే లైటు నీ లిస్టులో ఎక్కడా కనపళ్ళేదు, అది ఒకటి కొనుక్కో.